వ్యాక్సిన్ గొడవతో విడిపోయిన మేనమామలు పెళ్లిలో గంప పడతారా?

ప్రశ్న: మాది తెనాలి. నాకు ఒక అన్నయ్య, ఒక తమ్ముడు. అన్నయ్య ఇక్కడే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు, మొదట్నించీ యూనియన్ మనిషి. తమ్ముడు డల్లాస్‌లో సాఫ్ట్‌వేర్, ఇంకా హెచ్‌1బీ వీసా మీదే ఉన్నాడు. 2021 మే నెలాఖరులో నాన్న కోవిడ్‌తో పోయారు. ఏప్రిల్‌లో అన్నయ్యే తీసుకెళ్లి మొదటి డోసు వేయించాడు. రెండో డోసు కోసం తెల్లవారకముందే లైన్లో నిలబడినా దొరకలేదు. ఈలోగా పాజిటివ్ వచ్చింది, సీటీ స్కాన్‌లో ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నాయన్నారు. గవర్నమెంటు ఆస్పత్రిలో బెడ్ దొరక్క ప్రైవేటులో చేర్చాం. పది రోజులు ఆక్సిజన్ మీద ఉంచి ఆరు లక్షల బిల్లు వేశారు, నాన్న దక్కలేదు. తమ్ముడు అంత్యక్రియలు ఫోన్లోనే చూశాడు.

"నువ్వు వేయించిన వ్యాక్సినే నాన్నను తీసుకుపోయింది" అంటాడు తమ్ముడు. ఉద్యోగం కోసం తానూ ఇష్టం లేకుండా వేయించుకోవాల్సి వచ్చిందని అతనికి ఇప్పటికీ కోపం. "వైద్యం ప్రైవేటోళ్ల చేతిలో పెడితే ఇలాగే చస్తాం, వాడు డబ్బు పంపి చేతులు దులుపుకున్నాడు" అంటాడు అన్నయ్య. ఇద్దరికీ మాటల్లేవు. మాఘమాసంలో మా అమ్మాయి పెళ్లి. మేనమామలిద్దరూ గంప పట్టి పిల్లను మండపంలోకి తేవాలి. "వాడొస్తే నేను రాను" అని ఇద్దరూ అంటున్నారు. లాక్‌డౌన్‌లో మా టిఫిన్ హోటల్ మూతపడి మేమూ నలిగాం, అది వేరే సంగతి. ఇద్దరిలో తప్పు ఎవరిది? వాళ్లను కలపడం ఎలా?

జవాబు:

అమ్మా, తప్పు ఎవరిదన్న ప్రశ్నను ముందు వదిలేయండి. ఇన్నేళ్లుగా ఇద్దరి మాటా విని, ఇద్దరికీ సర్దిచెప్పి మీరు అలసిపోయారు, ఉత్తరం చదువుతుంటేనే తెలుస్తోంది. మీరు తీర్పు చెప్పడం మొదలుపెడితే ఓడిపోయినవాడు మీ గడప తొక్కడు.

అలాగని వాళ్ల వాదనంతా ఉత్త పంతమని నేను అనను. ఇంట్లో పెద్దవాళ్లు మామూలుగా "ఎప్పుడో అయిపోయిన కరోనా గురించి ఇప్పుడెందుకురా" అనేస్తారు. ఆ మాట వాళ్లిద్దరినీ ఇంకా మండిస్తుంది, ఎందుకంటే వాళ్లు పోట్లాడుతున్నది చిన్న విషయం గురించి కాదు. కాబట్టి ముందు ఎవరి మాటలో ఎంత నిజముందో మీరు తెలుసుకోండి. వాళ్లకు వినిపించడానికి కాదు, మీ మనసులో ఒకరి వైపు మొగ్గకుండా ఉండటానికి.

తమ్ముడి సంగతి తీసుకుందాం. 2021 సెప్టెంబరులో అమెరికాలో బైడెన్ ప్రభుత్వం, వందమంది, అంతకు మించి ఉద్యోగులున్న కంపెనీలు ప్రతివాళ్లకూ వ్యాక్సిన్ అయినా వేయించాలి, లేదంటే వారం వారం టెస్టు అయినా చేయించాలి అని ప్రకటించింది. ఫెడరల్ (అక్కడి కేంద్ర) ప్రభుత్వ కాంట్రాక్టులున్న కంపెనీలకైతే టెస్టు వెసులుబాటు కూడా ఇవ్వలేదు. అక్కడి పౌరుడికి ఇష్టం లేకపోతే ఉద్యోగం మానేసి, తీరిగ్గా ఇంకోటి చూసుకోవచ్చు. హెచ్‌1బీ మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే ఉండే గడువు మహా అయితే 60 రోజులు. ఆలోగా ఇంకో కంపెనీ గానీ, ఇంకో వీసా దారి గానీ దొరక్కపోతే పిల్లల్ని బడి మాన్పించి, ఇల్లు ఖాళీ చేసి విమానం ఎక్కాల్సిందే. ఆ భయంతో సూదికి చేయి చాపినవాడికి కోపం ఉండదా? అది సైన్సు తెలియక వచ్చిన కోపం అని అన్నయ్య తీసిపారేయడం న్యాయం కాదు. 2022 జనవరి 13న అమెరికా సుప్రీంకోర్టు పెద్ద కంపెనీల నిబంధనను 6-3తో ఆపేసింది, అదేరోజు ఆస్పత్రి సిబ్బందికి పెట్టిన నిబంధనను 5-4తో ఉండనిచ్చింది. జడ్జీలే అలా చీలిపోయారు. మన సుప్రీంకోర్టు కూడా 2022 మే 2న, జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు ఉన్న బెంచ్ ద్వారా, ఎవరికీ బలవంతంగా వ్యాక్సిన్ వేయకూడదని చెప్పింది. అయితే ప్రభుత్వ వ్యాక్సిన్ విధానం అన్యాయమైనదేమీ కాదనీ, సమాజం ఆరోగ్యం కోసం తగిన మేరకు షరతులు పెట్టవచ్చనీ, సైడ్ ఎఫెక్టుల వివరాలు జనానికి అందుబాటులో ఉంచాలనీ అదే తీర్పులో ఉంది. మీ తమ్ముడు మొదటి ముక్క మాత్రమే చెబుతాడు, మీ అన్నయ్య రెండో ముక్క మాత్రమే చెబుతాడు అనుకుంటాను.

ఇప్పుడు అన్నయ్య వైపు. 2021 మే 1 నుంచి 18 దాటినవాళ్లందరికీ టీకా అని తలుపులు తెరిచారు గానీ అంతమందికి సరిపడా డోసులు లేవు. అదే సమయంలో ఒకే మందుకు మూడు ధరలు పెట్టారు. కేంద్రానికి 150 రూపాయలకు ఇచ్చిన డోసు రాష్ట్రాలకు కోవిషీల్డ్ అయితే 300, కోవాగ్జిన్ అయితే 400, ప్రైవేటు ఆస్పత్రులకు 600, 1200. జూన్ 7న కేంద్రం వెనక్కి తగ్గింది, జూన్ 21 నుంచి తయారైన టీకాల్లో 75 శాతం తానే కొని రాష్ట్రాలకు ఉచితంగా ఇచ్చింది. మీ నాన్నగారు అప్పటికి లేరు. ఆ నెల రోజుల తేడా మీ అన్నయ్యకు జీవితాంతం గుచ్చుకుంటుంది. ఇక ప్రభుత్వమే అన్నీ చేయాలా, మార్కెట్‌కు వదలాలా అన్నదాని మీద వాళ్లిద్దరూ ఎంత వాదించుకున్నా, జీనోమ్ వ్యాలీలో తయారైన కోవాగ్జిన్ ప్రభుత్వ సంస్థ ఐసీఎంఆర్, ప్రైవేటు కంపెనీ భారత్ బయోటెక్ కలిసి చేసిందే. ఏ ఒక్కరూ మొత్తం గొప్పతనం తమదని చెప్పుకోలేరు.

చూశారా, ఒకే ఏడాదిలో మీ ఇంట్లో ఒకడు టీకా దొరక్క కుమిలిపోయాడు, ఇంకొకడు వద్దన్నా వేశారని కుమిలిపోయాడు. మీ అన్నయ్యకు కావాల్సిన చోట ప్రభుత్వం కనిపించలేదు, మీ తమ్ముడికి వద్దన్న చోట ప్రభుత్వం మీదికొచ్చింది. అనుభవాలే అలా ఉన్నప్పుడు అభిప్రాయాలు ఒకేలా ఎలా ఉంటాయి?

అయితే ఒక్క విషయంలో మాత్రం నేను మధ్యలో నిలబడను. "వ్యాక్సినే నాన్నను చంపింది" అనేది అభిప్రాయం కాదు, నిజమో కాదో తేల్చదగ్గ విషయం. కోవిషీల్డ్ లాంటి టీకాల వల్ల చాలా అరుదుగా రక్తం గడ్డలు కడతాయన్నది నిజం. యూరప్ మందుల నియంత్రణ సంస్థ 2021 ఏప్రిల్‌లోనే ఆ మాట చెప్పింది, 2024లో లండన్ కోర్టు కాగితాల్లో ఆస్ట్రాజెనెకా కూడా ఒప్పుకుందన్న వార్త వచ్చాకే మన ఫోన్లన్నీ మోగిపోయాయి. బహుశా మీ ఇంట్లో గొడవ మళ్లీ రాజుకున్నదీ అప్పుడే. కానీ మీరు రాసిన దాని ప్రకారం నాన్నగారికి పాజిటివ్ వచ్చింది, ఊపిరితిత్తులు పాడయ్యాయి, ఆక్సిజన్ పడిపోయింది. అది కోవిడ్ చేసే పని. ఒక్క డోసుతో పూర్తి రక్షణ రాదు కాబట్టి, టీకా వేయించుకున్నా జబ్బు రావడంలో వింత లేదు. ఏ కంపెనీ డోసో మీరు రాయలేదు, నేను డాక్టరునూ కాను. మీ దగ్గరున్న స్కాన్, రిపోర్టులు, ఆస్పత్రి ఇచ్చిన సమ్మరీ తీసుకుని, ఆ ఆస్పత్రితో సంబంధం లేని ఒక ఊపిరితిత్తుల డాక్టరుకు చూపించండి. ఆయన చెప్పింది ఇద్దరికీ ఒకేలా పంపండి, మీ వ్యాఖ్య ఏమీ కలపకుండా. ఈ పని పెళ్లికి కనీసం రెండు నెలల ముందే అయిపోవాలి.

డాక్టరు చెప్పినా తమ్ముడు వెంటనే ఒప్పుకోకపోవచ్చు. ఎందుకో ఆలోచించండి. 2021 మే 4 నుంచి అమెరికా ఇండియా ప్రయాణాల మీద ఆంక్షలు పెట్టింది. వీసా మీద ఉన్నవాడు ఇక్కడికి వస్తే తిరిగి ఎప్పుడు వెళ్తాడో చెప్పే దిక్కు లేదు, పాస్‌పోర్టులో మళ్లీ వీసా వేయించుకోవడానికి (స్టాంపింగ్‌కు) కాన్సులేట్లు సరిగ్గా తెరిచి లేవు. భార్యాపిల్లల్ని అక్కడ వదిలి రావాలా, నాన్నను వదిలేయాలా? అతను ఉండిపోయాడు. తండ్రికి కొరివి పెట్టేటప్పుడు పక్కన లేకపోయానన్న బాధ, అదంతా వ్యాక్సిన్ వల్లే జరిగిందనుకుంటే కాస్త తగ్గుతుంది. నాన్న చేయి పట్టుకుని టీకాకు తీసుకెళ్లిందీ, ఆ ఆస్పత్రిని ఎంచుకుందీ అన్నయ్య. "నేనే ఏమన్నా తప్పు చేశానా" అని అతనికి నిద్ర పట్టని రాత్రులు ఉండే ఉంటాయి. ప్రైవేటు దోపిడీ మీద కేకలేస్తే ఆ ప్రశ్న కాసేపు వినబడదు. అందుకే ఇద్దరిలో ఎవరూ ఒక్క అంగుళం తగ్గరు. వాదనలో ఓడిపోతే, నాన్న విషయంలో తప్పు తమదే అయిపోతుందని ఇద్దరికీ భయం.

ఆ భయాన్ని తీయగలిగింది మీరే, ఎందుకంటే ఇద్దర్నీ ఆ రోజుల్లో చూసింది మీరు. విడివిడిగా మాట్లాడండి. అమ్మగారి చేత రాయబారం పంపొద్దు, ఆవిడకు ఈ వయసులో ఆ టెన్షన్ వద్దు. ఫ్యామిలీ గ్రూపులో అస్సలు వద్దు. అన్నయ్య ఇంటికి వెళ్లి, వదినను కూడా కూర్చోబెట్టుకుని, "అన్నయ్యా, ఆ రోజు నాన్నకు టీకా వేయించి నువ్వు మంచి పనే చేశావు, ఆస్పత్రిలో చేర్చడమూ మంచి పనే, అంతకు మించి ఎవరూ చేయలేరు" అనండి. తమ్ముడికి అతను తీరిగ్గా ఉండే శనివారం ఫోన్ చేసి, "ఒరేయ్, నువ్వు రాకపోవడం నీ తప్పు కాదు, నాన్న కూడా నిన్ను రావద్దనే అనేవారు" అనండి, అది మీకు నిజం అనిపిస్తేనే. ఈ మాటలు వాళ్లకు ఎవరూ చెప్పలేదని నా నమ్మకం. చెప్పాక ఏడుస్తారో, ఫోన్ పెట్టేస్తారో, మళ్లీ వ్యాక్సిన్ గురించే మొదలుపెడతారో తెలియదు. మొదలుపెడితే వాదించకండి, "దాని గురించి నువ్వు ఏమనుకుంటావో నాకు తెలుసు, నేను వేరే మాట చెప్పడానికి చేశాను" అని అక్కడితో ఆపండి.

ఇంకోటి. హోటల్ మూతపడింది, "అది వేరే సంగతి" అని రాశారు. అది వేరే సంగతి ఎలా అవుతుందమ్మా? 2020 మార్చి 24 రాత్రి ఎనిమిదింటికి చెప్పి, నాలుగు గంటల్లో దేశమంతా తాళాలు వేయించినప్పుడు మీలాంటి చిన్న హోటళ్లవాళ్ల దగ్గర రుబ్బిన పిండి కూడా అలాగే ఉండిపోయింది. మే నెలలో ప్రకటించిన 20 లక్షల కోట్ల ప్యాకేజీలో ఎక్కువ భాగం అప్పుల రూపంలోనే వచ్చింది. మీ హోటల్ పేరు చెప్పి తమ్ముడు లాక్‌డౌన్‌ను తిడుతుంటాడేమో, అన్నయ్య ప్రభుత్వం ఆదుకోలేదని తిడుతుంటాడేమో. కానీ మీ ఆయన ఆ ఏడాది ఇల్లు ఎలా నడిపారో, వడ్డీలు ఎలా కట్టారో ఇద్దరిలో ఎవరైనా అడిగారా? అడగకపోతే మీరే చెప్పండి. మీరు ఎప్పుడూ సర్దిచెప్పే చెల్లెలుగానో అక్కగానో మాత్రమే వాళ్లకు తెలుసు. మీకూ నష్టం జరిగిందని, దాన్ని మింగి కూర్చున్నారని తెలిస్తే వాళ్ల గొంతు కొంచెం తగ్గుతుంది. తగ్గకపోయినా, మీ బరువు మీరు దించుకుంటారు.

పెళ్లి విషయానికి వస్తే, "కలిసిపోండి" అని అడగొద్దు. అది వాళ్ల చేతిలో లేని పని. అడగాల్సింది చిన్నది: విడిది నుంచి మండపం దాకా గంపకు చెరో పక్క పట్టాలి. మాట్లాడుకోనక్కర్లేదు, పక్కపక్కన భోజనానికి కూర్చోనక్కర్లేదు, ఫొటోలో నవ్వనక్కర్లేదు. పెళ్లింట్లో కరోనా మాట, పార్టీల మాట ఎవరు ఎత్తినా మీ ఆయనో, మీ వియ్యంకుల వైపు పెద్దాయనో అక్కడి నుంచి తీసుకెళ్లేలా ముందే చెప్పి ఉంచండి. ఆ మూడు రోజులూ ఇద్దరికీ బస వేర్వేరు చోట్ల పెట్టండి.

ఒక గడువు కూడా పెట్టుకోండి. తమ్ముడు సెలవు పెట్టుకోవాలి, టికెట్లు కొనాలి, వీసా స్టాంపింగ్ చూసుకోవాలి, కాబట్టి దసరాలోపు ఇద్దరూ చెప్పేయాలని అడగండి. ఒకరు రానంటే, మీ పెదనాన్న గారి వైపో పిన్నిగారి వైపో వరసకు మేనమామ అయ్యే ఇంకొకరిని రెండో పక్క పట్టమని అడుగుతున్నానని ఇద్దరికీ ముందే చెప్పేయండి. బెదిరింపుగా చెప్పొద్దు, దాచనూ వద్దు. మీ అమ్మాయితో కూడా ఇప్పుడే మాట్లాడండి, మామయ్యలిద్దరిలో ఎవరు రాకపోతే ఏం చేద్దామని తననే అడగండి. పెళ్లీడుకొచ్చిన పిల్ల, ఆ రోజు గంపలో కూర్చునేది తనే.