జాంప్ సంగతి తర్వాత, ముందు ఒక్కసారి చేత్తో కలపండి

మీరు అడిగింది ఇది: "విండోస్ ల్యాప్‌టాప్‌లో అపాచీ వేశాను. లోకల్‌హోస్ట్ తెరిస్తే 'ఇట్ వర్క్స్' అని వస్తోంది. దీనికి పీహెచ్‌పీ ఎలా కలపాలి? లేక ఇదంతా తీసేసి జాంప్ వేసుకోవడం మేలా?"

కొత్తవాళ్ల కోసం ఒక్క మాట: అపాచీ అంటే వెబ్ పేజీలు అందించే సర్వర్, పీహెచ్‌పీ అంటే ఆ పేజీలను తయారుచేసే ప్రోగ్రామింగ్ భాష, జాంప్ అంటే ఈ రెండిటినీ డేటాబేస్‌తో సహా ఒకేసారి వేసే ప్యాకేజీ. లోకల్‌హోస్ట్ అంటే మన మెషీన్‌కే ఉన్న అడ్రస్.

తీసేయకండి. సగం పని అయిపోయింది మీకు. మిగిలిన సగం కోసం నేను ఒక రాత్రంతా కూర్చున్నాను. ఆ రాత్రి సంగతి చెబితే మీకు ఎక్కడెక్కడ కాలు జారుతుందో తెలుస్తుంది.

2014 ఫిబ్రవరి. గుంటూరులో ఎంసీఏ ఆఖరి సెమిస్టర్. మా ఊరి గ్రంథాలయంలో ఉన్న పుస్తకాల పేర్లను కంప్యూటర్‌లో వెతుక్కునేలా చేయడం నా ప్రాజెక్టు. లైబ్రేరియన్ గారు చేత్తో రాసిన మూడు పెద్ద రిజిస్టర్లు సెలవుల్లో ఇంట్లో కూర్చుని నేనూ మా చెల్లీ టైపు చేశాం. ప్రోగ్రామ్ మాత్రం కాలేజీ ల్యాబ్‌లో రాశాను. అక్కడ ఎవరో ఎప్పుడో అన్నీ వేసి పెట్టారు, మేం ఫైల్ పెట్టడం, బ్రౌజర్‌లో చూడడం అంతే. డెమో మాత్రం మీ సొంత ల్యాప్‌టాప్‌లో చూపించండి అని గైడ్ గారు ముందు రోజు సాయంత్రం చెప్పారు. పొద్దున పదింటికి టైమ్.

రూముకొచ్చి అపాచీ వేశాను. 'ఇట్ వర్క్స్' వచ్చింది, సంతోషించాను. పీహెచ్‌పీ డౌన్‌లోడ్ పేజీకి వెళ్లి 5.5 వెర్షన్లో ముందు కనిపించిన జిప్ దించాను. డాంగిల్ మీద సుమారు 20 ఎంబీ అంటే అప్పట్లో చిన్న విషయం కాదు. విప్పి చూస్తే, నా చేతిలోని నోట్స్‌లో రాసి ఉన్న 'పీహెచ్‌పీ5అపాచీ2_4' అనే డీఎల్ఎల్ ఫైల్ (వేరే ప్రోగ్రామ్ తనలోకి ఎక్కించుకుని వాడుకునే ఫైల్) ఆ ఫోల్డర్‌లో లేనే లేదు. గంటసేపు వెతికాక అర్థమైంది. ఆ పేజీలో ఒక్కో వెర్షన్‌కి రెండు రకాలుంటాయి: థ్రెడ్ సేఫ్, నాన్ థ్రెడ్ సేఫ్. విండోస్‌లో అపాచీ ఒకే ప్రాసెస్ లోపల బోలెడు థ్రెడ్లతో, అంటే ఒకేసారి నడిచే పనుల వరుసలతో, పనిచేస్తుంది. అందుకే పీహెచ్‌పీని దాని కడుపులో మాడ్యూల్‌గా పెట్టాలంటే థ్రెడ్ సేఫ్ రకమే కావాలి. అపాచీకి కలిపే డీఎల్ఎల్ ఆ జిప్‌లోనే ఉంటుంది. నేను దించింది రెండోది.

మళ్లీ దించాను. ఈసారి డీఎల్ఎల్ ఉంది. అపాచీ కాన్ఫిగ్ (సెట్టింగ్స్) ఫైల్‌లో ఆ డీఎల్ఎల్‌ని ఎక్కించమని చెప్పే లోడ్‌మాడ్యూల్ వరుస రాసి రీస్టార్ట్ చేస్తే అపాచీ అసలు లేవలేదు. 'చెల్లుబాటయ్యే విన్32 అప్లికేషన్ కాదు' అన్న అర్థం వచ్చే ఎర్రర్. ఫైల్ పాడైందనుకున్నాను. పాడవలేదు. నా అపాచీ 32 బిట్‌ది, దించిన పీహెచ్‌పీ 64 బిట్‌ది. విండోస్ 64 బిట్ కదా అని 64 బిట్ తీసుకున్నాను. పీహెచ్‌పీ జత కుదరాల్సింది విండోస్‌తో కాదు, అపాచీతో. మూడోసారి డౌన్‌లోడ్. డాంగిల్‌లో బ్యాలెన్స్ అయిపోతే మా రూమ్మేట్ నిద్రలోనే "నాది తీసుకోరా" అని తన డాంగిల్ ఇచ్చాడు.

రాత్రి పన్నెండున్నరకి పీహెచ్‌పీఇన్ఫో పేజీ (పీహెచ్‌పీ తన సెట్టింగ్స్ అన్నీ చూపించే పేజీ) వచ్చింది. అయిపోయింది అనుకుని ప్రాజెక్టు పేజీ తెరిచాను. 'మైఎస్‌క్యూఎల్ఐ కనెక్ట్ అనే ఫంక్షన్ లేదు' అని ఫేటల్ ఎర్రర్. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌తో పీహెచ్‌పీ మాట్లాడేందుకు వాడే ఎక్స్‌టెన్షన్ (అదనపు భాగం) అది. దీనికి మందు నాకు తెలుసు: పీహెచ్‌పీ సెట్టింగ్స్ ఉండే పీహెచ్‌పీ.ఐఎన్ఐ ఫైల్‌లో మైఎస్‌క్యూఎల్ఐ ఎక్స్‌టెన్షన్ వరుస ముందున్న సెమికోలన్ తీసేయాలి. తీశాను. రీస్టార్ట్. అదే ఎర్రర్. దారి పూర్తిగా రాశాను. అదే. స్లాష్‌లు మార్చాను. అదే. ల్యాప్‌టాప్ ఆపి మళ్లీ వేశాను. అదే. రెండు గంటలు ఇలాగే గడిచాయి. మొత్తం టైపు చేసిన పుస్తకాలు, చెల్లెలి కష్టం, అన్నీ గుర్తొచ్చి చేతులు వణకడం మొదలైంది.

పక్క గదిలో బ్యాంకు పరీక్షలకి చదువుకునే అన్న ఒకాయన ఉండేవారు. మంచినీళ్ల కోసం లేచి, లైటు చూసి లోపలికొచ్చారు. ఆయనకి కంప్యూటర్ కోర్సుతో సంబంధం లేదు, చదివింది బీకాం. నా పక్కన కూర్చుని నేను చేసేది ఐదు నిమిషాలు చూసి ఒకే ఒక్క మాట అడిగారు: "నువ్వు మారుస్తున్న ఫైల్‌నే అది చదువుతోందని నీకెలా తెలుసు?"

నా దగ్గర జవాబు లేదు. పీహెచ్‌పీఇన్ఫో పేజీ మళ్లీ తెరిచి పైనుంచి ఒక్కో వరుసా చదివాను. 'లోడెడ్ కాన్ఫిగరేషన్ ఫైల్' అనే వరుస ఉంది. దానికి ఎదురుగా '(నన్)'. అంటే ఏ ఫైలూ చదవడం లేదు. కమాండ్ విండోలో ఫోల్డర్ జాబితా తీస్తే బయటపడింది: నా ఫైల్ పేరు పీహెచ్‌పీ.ఐఎన్ఐ కాదు, పీహెచ్‌పీ.ఐఎన్ఐ.టీఎక్స్‌టీ. కుడి క్లిక్‌తో కొత్త టెక్స్ట్ ఫైల్ చేసి, సరుకంతా అందులో అతికించి, పేరు మార్చాను కదా. చివరి టీఎక్స్‌టీని విండోస్ దాచిపెట్టింది. పేరు సరిచేసి రీస్టార్ట్ చేయగానే ఎర్రర్ పోయింది. అన్న నవ్వి "పడుకోరా ఇక" అని వెళ్లిపోయారు.

ఫైల్ పేర్ల చివరి భాగాన్ని దాచే ఈ అలవాటు విండోస్ ఇప్పటికీ మానలేదు. కొత్త మెషీన్ కొన్నప్పుడల్లా నేను మొదట చేసే పని ఎక్స్‌ప్లోరర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆ దాపరికం తీసేయడం. మీరు కూడా ఇంకేదీ ముట్టుకోకముందే అది చేయండి.

ఇంకో కోపం కూడా ఉంది నాకు. ఆ రాత్రి నా చేతిలో ఉన్నవి ఒక కోచింగ్ సెంటర్ వాళ్ల జిరాక్స్ నోట్స్. 'పీహెచ్‌పీ.ఐఎన్ఐ అనే ఫైల్ తయారు చేయండి' అని ఉంది అందులో. తయారు చేయక్కర్లేదు! జిప్‌లోనే 'డెవలప్‌మెంట్', 'ప్రొడక్షన్' అనే తోకలతో రెండు నమూనా ఫైళ్లు ఉంటాయి, మొదటిది కాపీ చేసి తోక తీసేస్తే చాలు. డబ్బులు కట్టించుకుని, ఎవరూ చేసి చూడని నోట్స్ పిల్లల చేతిలో పెడతారు. ఇప్పుడు వీడియోలు అంతకంటే మేలేమీ కాదు. వాళ్లకి మధ్యలో వచ్చిన ఎర్రర్లన్నీ కత్తిరించేసి, అన్నీ ఒక్క క్లిక్‌తో అయిపోయినట్టు చూపిస్తారు. మనకి ఎర్రర్ వస్తే మనలోనే ఏదో లోపం ఉందనుకుని కుమిలిపోతాం. ఎర్రర్ చూపించని పాఠం పాఠమే కాదు.

సరే, మీ మెషీన్ సంగతి. పేర్లు తెలుగులో రాస్తున్నాను, ఫైల్ తెరిస్తే గుర్తుపడతారు. మీ అపాచీ ఎన్ని బిట్‌లదో చూసి, అన్ని బిట్‌ల థ్రెడ్ సేఫ్ పీహెచ్‌పీ జిప్‌ని సీ డ్రైవ్‌లో పీహెచ్‌పీ అనే ఫోల్డర్‌లోకి విప్పండి. దారిలో ఖాళీలు ఉండకపోతే తలనొప్పి తక్కువ. అపాచీ కాన్ఫిగ్ ఫైల్ చివర మూడు విషయాలు చెప్పాలి: మాడ్యూల్ ఎక్కడుందో లోడ్‌మాడ్యూల్‌తో, ఐఎన్ఐ ఎక్కడుందో పీహెచ్‌పీఐనిడిర్‌తో, పీహెచ్‌పీతో ముగిసే ఫైళ్లను ఎవరికి అప్పగించాలో ఫైల్స్‌మ్యాచ్ లోపల సెట్‌హ్యాండ్లర్‌తో. దారుల్లో విండోస్ వెనక్కి స్లాష్ కాకుండా ముందుకి స్లాష్ వాడండి. పాత పాఠాల్లో మాడ్యూల్ పేరు 'పీహెచ్‌పీ5_మాడ్యూల్', 'పీహెచ్‌పీ7_మాడ్యూల్' అని ఉంటుంది. వెర్షన్ 8 నుంచి అంకె తీసేశారు, వట్టి 'పీహెచ్‌పీ_మాడ్యూల్'. డీఎల్ఎల్ పేరులో మాత్రం 8 ఉంది. చాలామంది ఇక్కడే ఆగిపోతున్నారు.

సెట్‌హ్యాండ్లర్ బదులు యాడ్‌హ్యాండ్లర్ వాడమని కూడా చాలాచోట్ల కనిపిస్తుంది. పనిచేస్తుంది కానీ, ఫైల్ పేరు మధ్యలో ఎక్కడ '.పీహెచ్‌పీ' ఉన్నా దాన్ని నడిపించేస్తుంది. ఫొటోలు అప్‌లోడ్ చేసుకునే సైట్‌లో ఇది ప్రమాదం. లోకల్‌లో ఏముందిలే అనకండి. లోకల్‌లో రాసిందే రేపు సర్వర్ మీదికి కాపీ చేస్తాం.

ఫోల్డర్ తెరిస్తే ముందు ఏ ఫైల్ చూపాలో చెప్పే డైరెక్టరీఇండెక్స్ వరుసలో ఇండెక్స్.పీహెచ్‌పీ చేర్చండి. తర్వాత అపాచీ బిన్ ఫోల్డర్‌లో కమాండ్ విండో తెరిచి 'హెచ్‌టీటీపీడీ మైనస్ టీ' కొట్టండి. 'సింటాక్స్ ఓకే' వచ్చాకే రీస్టార్ట్. బ్రౌజర్‌లో కోడ్ కోడ్‌లాగే కనిపిస్తే, ముందు అడ్రస్ బార్ చూడండి. ఫైల్ మీద డబుల్ క్లిక్ చేసి తెరిస్తే అది అపాచీ దాకా వెళ్లదు. లోకల్‌హోస్ట్ అని టైపు చేసే తెరవాలి.

మీరు అడగలేదు కానీ ఇది చెప్పకుండా ఉండలేను. ఆ రాత్రి పని మైఎస్‌క్యూఎల్ఐతో అయిపోలేదు. పుస్తకాల పేర్లన్నీ ప్రశ్నార్థకాలుగా వచ్చాయి, ఒక్క తెలుగక్షరం లేదు. అప్పటి మైఎస్‌క్యూఎల్ సొంతంగా ఎంచుకునే అక్షర పద్ధతి లాటిన్1, అందులో తెలుగు లేదు. తెలుగుని కూడా పట్టే యూటీఎఫ్8 వాడమని కనెక్షన్‌కి చెప్పే ఒక్క వరుస రాశాక తెలుగు కనిపించింది. అది చూశాక తెల్లవారుజామున నాకు నిజంగా కన్నీళ్లొచ్చాయి.

అందుకే చెబుతున్నాను, ఐఎన్ఐలో ఎక్స్‌టెన్షన్లు తెరిచేటప్పుడు ఎంబీస్ట్రింగ్, ఇంటెల్ (కంపెనీ కాదు, ఐఎన్‌టీఎల్ అని రాసే ఎక్స్‌టెన్షన్) రెండూ తప్పకుండా తెరవండి. 'తెలుగు' అనే మాట పొడవు మామూలు ఫంక్షన్‌ని అడిగితే 18 అంటుంది, అవి బైట్లు. ఎంబీస్ట్రింగ్ 6 అంటుంది, గుణింతాలను విడిగా లెక్కపెట్టి. ఇంటెల్‌లోని గ్రఫీమ్ ఫంక్షన్ 3 అంటుంది. మనం పలికేది, మన అమ్మ లెక్కపెట్టేది ఆ 3. పేరు పొడవుగా ఉందని మామూలు ఫంక్షన్‌తో కత్తిరిస్తే అక్షరం మధ్యలో తెగి పిచ్చి గుర్తులు వస్తాయి. మన భాషలో సైట్లు చేసేవాళ్లు చాలామంది దీన్ని పట్టించుకోరు. ఎన్ని వార్తల సైట్లలో హెడ్డింగ్ చివర ఆ నల్ల డైమండ్ గుర్తు చూశానో! ఇంగ్లిష్ పేరుతో పరీక్షించి వదిలేస్తారు. మీరు మీ మొదటి పేజీనే తెలుగు మాటతో పరీక్షించండి.

పీహెచ్‌పీ చచ్చిపోయింది, ఎందుకు నేర్చుకోవడం అని మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. 1995లో బయటికొచ్చినప్పటి నుంచీ దానికి ఈ మాట తప్పలేదు. వర్డ్‌ప్రెస్ నడిచేది దీనిమీదే. 2003 డిసెంబర్‌లో మొదలైన తెలుగు వికీపీడియా వెనకున్న మీడియావికీ కూడా పీహెచ్‌పీనే.

ఇక జాంప్. అది చెడ్డదని నేననను. 2002 నుంచి ఎంతోమందికి పని జరిపిస్తోంది. పది మెషీన్ల ల్యాబ్‌లో మధ్యాహ్నంలోగా అన్నీ సిద్ధం చేయాలంటే నేనూ అదే వేస్తాను. కానీ మొదటి అనుభవమే దానితో అయితే, సర్వర్ వేరు, దానిలో పనిచేసే ఇంజన్ వేరు అనే సంగతే కంటికి కనిపించదు. మా ఆఫీసుకి వచ్చే కొత్తవాళ్లని నేను మొదట అడిగేది ఎర్రర్ లాగ్ (వచ్చిన ఎర్రర్లన్నీ రాసిపెట్టే ఫైల్) ఎక్కడుంటుందని. జాంప్ బటన్లతో మాత్రమే పనిచేసినవాళ్లలో ఇప్పటిదాకా ఒక్కరు కూడా చెప్పలేదు. లినక్స్ సర్వర్ మీద పీహెచ్‌పీ ఎక్కువగా అపాచీ లోపల కాకుండా ఎఫ్‌పీఎం అనే వేరే ప్రాసెస్‌గా నడుస్తుంది. చేత్తో ఒకసారి కలిపినవాళ్లకి ఇది పది నిమిషాల్లో ఎక్కుతుంది.

ఈ ఆదివారం కూర్చుని చేయండి. టెన్షన్ పడకండి, పొద్దున పదింటి డెమో ఏమీ లేదు కదా మీకు. ఎక్కడైనా ఆగిపోతే పీహెచ్‌పీఇన్ఫోలో 'లోడెడ్ కాన్ఫిగరేషన్ ఫైల్' ఎదురుగా ఏముందో, అపాచీ ఎర్రర్ లాగ్‌లో చివరి ఐదు వరుసలేమిటో కింద కామెంట్‌లో పెట్టండి. రాత్రి పదిన్నర తర్వాత చూసి జవాబిస్తాను.