పురుగు చర్మం మందమైతే డబుల్ డోసు పనిచేస్తుందా?

ప్రశ్న: మాది బెంగళూరు పక్కన హోసకోట తాలూకా. ఎకరంలో క్యాబేజీ నాటి 40 రోజులైంది. డైమండ్ రెక్కల పురుగుకి ఇప్పటికే ఐదుసార్లు మందు కొట్టాను. ప్రొఫెనోఫాస్, సైపర్‌మెత్రిన్ కలిసిన మందు రెండుసార్లు, క్లోరాంట్రానిలిప్రోల్ ఒకసారి, ఫ్లూబెండియమైడ్ రెండుసార్లు. అయినా చావట్లేదు. పురుగు చర్మం మందమైపోయింది, డబుల్ డోసు కొట్టమని మందుల షాపతను అంటున్నాడు. నిజమేనా సార్?

జవాబు: అతను చెప్పిన మొదటి మాటలో కొంత నిజముంది. రెండో మాట మాత్రం వినకండి.

పురుగు చర్మం మట్టిగోడ లాంటిది. గోడలో గడ్డి ఉన్నట్టు దాంట్లో కైటిన్ పోగులుంటాయి, వాటిని పట్టి ఉంచే మట్టి లాంటివి క్యూటికిల్ ప్రోటీన్లు. పైన పలచటి మైనం పూత. ఒంటి మీద పడ్డ మందు ఈ గోడ దాటితేనే నరాల దాకా చేరుతుంది. ఈ సంగతి దోమల్లో బాగా తేలింది. మందు పూసిన దోమతెర మీద దోమ కాళ్ళతో వాలుతుంది కదా, మందుకు లొంగని దోమల కాళ్ళలో కొన్ని క్యూటికిల్ ప్రోటీన్లు ఎక్కువగా తయారవుతున్నాయి. అలాంటి ఒక ప్రోటీన్ తయారీని తగ్గించి చూస్తే దోమ మునుపటికంటే మందుకు లొంగింది.

మందమైన చర్మం ఒక్కటే పురుగుని కాపాడలేదు. తూము సన్నగా తెరిస్తే వచ్చిన నీళ్ళు వచ్చినట్టే తోడి పోయొచ్చు. అలాగే మందు మెల్లగా దిగితే లోపలి ఎంజైములకు దాన్ని విరిచేసే టైం దొరుకుతుంది. రెండూ కలిస్తేనే మనకు టెన్షన్. డోసు పెంచితే బలహీనమైనవి చస్తాయి, మొండివి మిగిలి వాటి పిల్లలే తోట నిండుతాయి. మన వాతావరణంలో రెండు మూడు వారాలకో తరం. ఈ పురుగు డీడీటీ అనే పాత పురుగు మందుకి లొంగట్లేదని ఇండోనేషియాలోని జావాలో 1950ల్లోనే గుర్తించారు.

మీ తోటలో అసలు తప్పు ఇంకోటని నా అనుమానం. క్లోరాంట్రానిలిప్రోల్, ఫ్లూబెండియమైడ్ డబ్బాలు వేరైనా గుంపు ఒకటే, రెండూ పురుగు మీద ఒకేలా పనిచేస్తాయి. మీరు మందు మార్చాననుకున్నారు, పురుగుకి మాత్రం అదే మందు మూడుసార్లు పడింది.

ఇప్పుడు ఒంటి మీద నుంచి కాక నోటి గుండా పోయే దారి పట్టండి. పురుగు నడి పేగుకి ఈ గోడ ఉండదు. బీటీ పొడి, అంటే తిన్న పురుగుని చంపే బ్యాక్టీరియా మందు, లీటరు నీటికి గ్రాము చొప్పున సాయంత్రం పూట, ఆకు అడుగు తడిసేలా కొట్టండి. ఎండకి అది తొందరగా పాడవుతుంది. క్యాబేజీ ఆకుకీ మైనముంటుంది, నీటి బొట్టు ముత్యంలా దొర్లిపోతుంది, కాబట్టి జిగురు మందు కలపడం మరవద్దు. వారం తర్వాత 5 శాతం వేప గింజల కషాయం. బీటీనే పట్టుకుని కూర్చోకండి, దానికీ ఈ పురుగు అలవాటు పడిన దాఖలాలున్నాయి. పిల్ల పురుగు చర్మం పలచన, కాబట్టి ఆకు మీద సన్నటి తెల్ల పొర కిటికీలు కనిపించగానే మొదలుపెట్టాలి. తాకగానే దారం పట్టుకుని వేలాడే పెద్ద పురుగులు వచ్చేదాకా ఆగితే ఆలస్యమే.

వచ్చే పంటకి హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ళ ఆవాల పద్ధతి చేయండి. ప్రతి 25 సాళ్ళ క్యాబేజీకి రెండు సాళ్ళు ఆవాలు. ఒక సాలు నాటడానికి 15 రోజుల ముందు, రెండోది నాటిన 25 రోజులకు చల్లాలి. తల్లి పురుగు ఆవాల మీదే ఎక్కువగా గుడ్లు పెడుతుంది, మందు అక్కడ కొడితే చాలా వరకు సరిపోతుంది.

ఒకసారి ఆకు తిప్పి చూడండి. వల లాంటి గూడులోంచి ప్యూపా (రెక్కలొచ్చే ముందు కదలకుండా ఉండే దశ) కనిపిస్తే అది మన శత్రువే. బియ్యపు గింజ కంటే చిన్నగా, లోపలేముందో కనిపించని గట్టి తెల్ల గూడుంటే మాత్రం నలిపేయకండి. అది పురుగుని లోపలి నుంచి తినేసి బయటికొచ్చిన కొటీసియా అనే చిన్న కందిరీగది. ప్రొఫెనోఫాస్ కొట్టిన తోటలో అది బతకడం కష్టం. అలాంటి గూళ్ళు బాగా కనిపిస్తుంటే ఆ వారం పంపు బయటికి తీయకండి.