నది ఎత్తు చూసి టికెట్ కొనండి

పోయిన నెల బ్రెజిల్‌లోని మనౌస్ గురించి నాలుగు మాటలు రాశానో లేదో, ప్రశ్నలు గుట్టలుగా వచ్చి పడ్డాయి. ఒకే సంగతి పదిమంది అడిగిన చోట ఒక్కరి ప్రశ్నే వేస్తున్నాను, మిగతావాళ్లు ఏమనుకోవద్దు. ఆ భాగం చదవనివాళ్ల కోసం ఒక్క ముక్క. మనౌస్ అమెజొనాస్ రాష్ట్రానికి రాజధాని, జనాభా ఇరవై లక్షల పైమాటే, ముందు రియో నెగ్రో నది, మిగతా మూడు వైపులా అడవి. భూమధ్యరేఖకి మూడు డిగ్రీల దక్షిణాన ఉంటుంది కాబట్టి ఉక్కపోతకి సెలవుండదు.

ప్ర: పిల్లల సెలవుల్లో, మే చివర్లో వెళ్దామనుకుంటున్నాం. అప్పుడు వానలు కదా, సెప్టెంబరుకి మార్చుకోమని ట్రావెల్ ఏజెంటు అంటున్నాడు. మీరేమంటారు? (గుంటూరు నుంచి ఒక గృహిణి)

జ: మార్చకండమ్మా. మే చివరే వెళ్లండి. వీలైతే ఇంకో రెండు వారాలు ఆలస్యంగా, జూన్‌లో వెళ్లండి, అంతే. అందరూ వాన ఎప్పుడు పడుతుందని చూస్తారు, అక్కడ చూడాల్సింది నది ఎంత ఎత్తులో ఉందని. వానలు డిసెంబరు నుంచి మే దాకా గట్టిగా పడతాయి, కానీ ఎగువన ఎక్కడో వేల కిలోమీటర్ల దూరంలో కురిసిన నీళ్లన్నీ దిగి వచ్చేసరికి జూన్ అవుతుంది. అంటే వాన తగ్గాక నది నిండుతుంది. అదే అసలు సీజను. నిండు నదికీ ఎండిన నదికీ తేడా ఏటా సుమారు 10 మీటర్లు, మూడంతస్తుల ఇల్లంత. రేవులో 1902 నుంచి ఈ ఎత్తు కొలిచి రాసి పెడుతున్నారు. 2021 జూన్‌లో 30 మీటర్ల గీత దాటింది, మూడేళ్లు తిరిగేసరికి 2024 అక్టోబరులో 13 మీటర్ల కిందికి పడిపోయింది. అందుకే అక్కడ పడవలు ఆగే ప్లాట్‌ఫారం కూడా నీళ్ల మీద తేలుతూ నదితో పాటు లేస్తుంది, దిగుతుంది.

నిండుగా ఉన్నప్పుడు పడవలో ఏకంగా అడవిలోకే వెళ్లిపోవచ్చు. నల్లనీళ్లలో మునిగిన ఆ అడవిని ఇగపో అంటారు. నేను వెళ్లినప్పుడు పడవ నడిపే పెద్దాయన ఇంజను ఆపేసి తెడ్డు చేతిలోకి తీసుకున్నాడు. ఒక్కసారిగా చప్పుడంతా పోయింది, తెడ్డు నుంచి కారే బొట్ల శబ్దం తప్ప. నా భుజానికి రాసుకుంటున్న కొమ్మ ఒక పెద్ద చెట్టు చిటారు కొమ్మ, కాండమంతా నా కిందే ఎక్కడో ఉంది. ఆ ముచ్చటలో కొమ్మ పట్టుకున్నాను. నీళ్లు పెరిగితే చీమలూ పైకే ఎక్కుతాయన్న సంగతి అప్పుడు తెలిసింది. మీరు మాత్రం చేతులు పడవలోనే పెట్టుకోండి, పిల్లలకీ చెప్పండి.

సెప్టెంబరు, అక్టోబరుల్లో వేరే అందం. తెల్లటి ఇసుక మేటలు బయటపడతాయి, అడవిలో కాలినడకన ఎక్కువ దూరం తిరగొచ్చు. కానీ 2023, 2024లో వచ్చినట్టు కరువొస్తే చిన్న పాయలన్నీ ఎండిపోతాయి, పడవ లాడ్జి దాకా పోదు, సామాను నెత్తిన పెట్టుకుని బురదలో నడవాలి. దానికి తోడు ఆ నెలల్లో అడవులు తగలబెట్టిన పొగ ఊరి మీదికి వస్తుంది. పిల్లల్ని వేసుకుని ఆ రిస్కు ఎందుకు?

ప్ర: అన్నా, ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరా? వీసా కాగితాల్లో ఎవరూ అడగలేదు. (హైదరాబాద్ నుంచి ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి)

జ: తమ్ముడూ, వాళ్లు అడక్కపోవచ్చు. తిరిగొచ్చాక మనవాళ్లు అడుగుతారు. ఎల్లో ఫీవర్ ఉన్న దేశాల జాబితాలో బ్రెజిల్ ఉంది, అక్కడి నుంచి టీకా సర్టిఫికెట్ లేకుండా దిగితే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టే రూలు మన దేశానిది. అయినా రూలు సంగతి తర్వాత, ఆ జబ్బు అమెజాన్ అడవిలో నిజంగా ఉంది, దానికి మందు లేదు, టీకానే దిక్కు. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి, ఆ తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది. 2016 నుంచి ఒక్క డోసు జీవితాంతం చెల్లుతుంది. ఎక్కడ పడితే అక్కడ వేయరు, ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు, మీకు నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) దగ్గర. ఇంట్లో అరవై దాటినవాళ్లు, గర్భిణులు, గుడ్డు పడనివాళ్లు ఉంటే ముందు డాక్టరుని కలవాలి. అదే చేత్తో మలేరియా మాత్రల సంగతీ అడిగేయండి.

ఇంకొకటి, ఆ టీకా సర్టిఫికెట్ ఉండే పసుపు పుస్తకం చేతిసంచీలోనే ఉండాలి. నేను తెలివిగా చెకిన్ బ్యాగులో పెట్టాను. తిరిగొచ్చి హెల్త్ కౌంటరు దగ్గర నిలబడితే, పుస్తకం బెల్టు మీద తిరుగుతోంది, నేను గాజు గోడకి ఇవతల ఉన్నాను. గంటన్నర టెన్షన్.

ప్ర: రియో నుంచి కారులో వెళ్లొచ్చా? (విశాఖపట్నం)

జ: వద్దు. విమానం ఎక్కండి, సావో పాలో నుంచి నాలుగు గంటలు. దక్షిణం నుంచి మనౌస్‌కి ఉన్న ఒకే ఒక్క రోడ్డు బీఆర్-319, దాని నడిమి భాగం మట్టిరోడ్డు, వానొస్తే అంతే సంగతులు. మనవాళ్లకి బ్రెజిల్ వీసా ముందే తీసుకోవాలి. టికెట్ చవగ్గా ఉందని అమెరికా మీదుగా కొనకండి, విమానం మారడానికి కూడా అమెరికా వీసా కావాలి.

ప్ర: బాబూ, రెండు నదులు పక్కపక్కనే కలవకుండా పారతాయని మనవడు వీడియో చూపించాడు. నిజమేనా, కంప్యూటరు మాయా? (రాజమహేంద్రవరం నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు)

జ: అక్షరాలా నిజం మాస్టారూ. గోదావరి ఒడ్డున ఉన్నవారు కాబట్టి మీకు చెప్పడం తేలిక. ఒక పక్క వరద గోదావరి రంగులో సొలిమోయిస్, అండీస్ కొండల మట్టి మోసుకొస్తుంది. ఇంకో పక్క డికాక్షన్ లాంటి రియో నెగ్రో, అడవిలో ఆకులు నాని నాని ఆ రంగొచ్చింది. నెగ్రో నీళ్లు సుమారు 28 డిగ్రీల వెచ్చదనంతో గంటకి రెండు కిలోమీటర్లు నింపాదిగా నడుస్తాయి, సొలిమోయిస్ 22 డిగ్రీల చల్లదనంతో నాలుగు నుంచి ఆరు కిలోమీటర్ల వేగంతో తోసుకొస్తుంది. ఉష్ణోగ్రత, వేగం, సాంద్రత ఏవీ పొసగక దాదాపు ఆరు కిలోమీటర్లు గీత గీసినట్టు పక్కపక్కనే పారతాయి. గీత దాటేటప్పుడు చెయ్యి నీళ్లలో పెట్టండి. వేడి, ఒక్క క్షణంలో చలి. వీడియోలో అది రాదు. బ్రెజిల్ వాళ్లు ఈ కలయిక దాటాకే దాన్ని అమెజాన్ అంటారు, పైదంతా వాళ్లకి సొలిమోయిస్సే.

దీనికి ఖరీదైన టూరు అక్కర్లేదు. సెయాసా రేవు నుంచి అవతలి ఒడ్డుకి జనం, లారీలు, కోళ్ల గంపలు అన్నీ ఎక్కే బల్లకట్టు ఈ కలయిక మీదుగానే పోతుంది. టూరు వాళ్లు దీనితో పాటు కొండచిలువ లాంటి అనకొండని మెళ్లో వేసి ఫోటో, చెట్ల మీద మెల్లగా కదిలే స్లాత్‌ని ఎత్తుకుని ఫోటో అంటూ కలుపుతుంటారు. దయచేసి ఒప్పుకోకండి. ఆ ఫోటో కోసమే వాటిని అడవి నుంచి పట్టుకొచ్చి కట్టేసి ఉంచుతారు.

ప్ర: మూడు రోజుల్లో జాగ్వార్ కనిపిస్తుందా? ఊళ్లో ఎన్ని రోజులు ఉండాలి? (వరంగల్ నుంచి ఒక ఫోటోగ్రాఫరు)

జ: జాగ్వార్ ఆశ వదిలేయండి. దట్టమైన అడవిలో జంతువు పది అడుగుల్లో ఉన్నా కనపడదు, వినపడుతుంది. కోతుల కేకలు, రాత్రి టార్చి వేస్తే ఎర్రగా మెరిసే మొసలి జాతి కళ్లు, నీళ్లలోంచి వీపు చూపించి మునిగే గులాబీరంగు డాల్ఫిన్లు, ఇవి చాలామందికి దొరుకుతాయి. అడవి లాడ్జిలో కనీసం మూడు రాత్రులు పెట్టుకోండి, అదీ రియో నెగ్రో వైపు. నల్లనీళ్లలో ఆమ్లగుణం ఎక్కువ, దోమలు సరిగ్గా పెరగవు. తెల్లనీళ్ల వైపు, అంటే మట్టి రంగు సొలిమోయిస్ వైపు, జంతువులు ఎక్కువే, దోమలూ ఎక్కువే. నోవో ఐరావ్ ఊరు వైపు వెళ్తే అనవిల్యానాస్ దీవులు వస్తాయి, నదిలోనే దాదాపు 400 దీవులు.

మీ కెమెరాకి నేనిచ్చే సలహా వేరు. మనౌస్ చుట్టుపక్కల తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేని ఒక చిన్న కోతి ఉంది, పేరు సవుయీం దె కొలెయిరా. నల్లటి బోడి మొహం, భుజాల దాకా తెల్లటి జూలు, కింద గోధుమరంగు. ఊరు పెరిగి అడవి ముక్కలవడంతో అంతరించిపోయే దశకి వచ్చింది. దాని కోసం ఊళ్లోని చెట్లే వెతకాలి. ఊరి చివర మూసా అనే మ్యూజియంలో 42 మీటర్ల టవరు ఉంది, 242 మెట్లు, పొద్దున్నే ఎక్కితే అడవి నెత్తి మీద మంచు విడిపోవడం చూడొచ్చు.

ఊరికి రెండు రోజులివ్వండి. అమెజొనాస్ థియేటర్ ఒక్కదానికే ఒక పూట పడుతుంది. రబ్బరు వ్యాపారంలో వచ్చిన డబ్బుతో యూరప్ నుంచి సామాను తెప్పించి కట్టి 1896లో తెరిచారు, గుమ్మటం మీద 36,000 రంగు పెంకులు. ఆ వైభవం ఎలా పోయిందో తెలుసా, 1876లో ఒక ఇంగ్లీషువాడు సుమారు 70,000 రబ్బరు గింజలు లండన్‌కి పట్టుకుపోయాడు, వాటి సంతతే శ్రీలంక, మలయా తోటలైంది, ఇక్కడి ధర కుప్పకూలింది. థియేటర్ ముందున్న చౌకు నేల మీద నలుపు తెలుపు అలల రాళ్లు చూడండి, అవి ఆ రెండు నదులే. రాత్రి పొద్దుపోయాక రేవు వైపు సందుల్లో మాత్రం తిరగకండి, ఫోను చేతిలో పట్టుకుని అసలే వద్దు.

ప్ర: మేం శాకాహారులం. అక్కడ ఏం తినాలి? డబ్బు ఎలా? (నెల్లూరు)

జ: తూకం వేసి అమ్మే భోజనశాలలు వెతకండి, పళ్లెంలో మీక్కావలసింది పెట్టుకుంటే కిలో లెక్కన తీసుకుంటారు. అన్నం, కూరలు, వేపుడు అరటి దొరుకుతాయి. చిక్కుడు గింజల పులుసులో మాంసం ముక్కలుంటాయి, అడగాలి. 'సెమ్ కార్నె' అంటే మాంసం వద్దని, కానీ వాళ్ల లెక్కలో చేప, కోడి మాంసం కావు, అందుకని 'సెమ్ పెయిషె, సెమ్ ఫ్రాంగు' కూడా కలపండి. పొద్దున టిఫినుకి కర్రపెండలం పిండితో అప్పటికప్పుడు పెనం మీద పోసే తపియోకా, అందులో తుకుమా అనే తాటిజాతి పండు చెక్కలు, జున్నుముక్క. సగ్గుబియ్యం తిని పెరిగిన మనకి కొత్త అనిపించదు. తకకా అనే వేడి పులుసులో రొయ్యలుంటాయి కాబట్టి మీకు కుదరదు, తినేవాళ్లకి మాత్రం అందులోని జంబూ ఆకు నాలుక తిమ్మిరెక్కిస్తుంది, అక్కలకర్ర నమిలినట్టే.

డబ్బు పేరు రియల్. ఊళ్లో కార్డు నడుస్తుంది. అందరూ పిక్స్ అని ఫోన్లో కొడుతుంటారు, మన యూపీఐ లాంటిదే, కానీ అక్కడి బ్యాంకు ఖాతా ఉండాలి. పడవలకి, రేవులకి చిల్లర నోట్లు ఉంచుకోండి.

ప్ర: ఉయ్యాలల పడవలో దిగువనున్న బెలెం ఊరి దాకా వెళ్లాలని ఉంది. ఎలా ఉంటుంది? (తిరుపతి నుంచి ఒక విద్యార్థి)

జ: నాలుగైదు రోజులు. అంత ఓపిక లేకపోతే సాంతరెం దగ్గర దిగిపో, రోజున్నర చాలు. పడుకునే ఉయ్యాల నువ్వే కొనుక్కోవాలి, హేజి అని అడుగు, రేవు దగ్గర అమ్ముతారు, కట్టుకునే తాళ్లు వేరేగా కొనాలి. పడవ బయల్దేరడానికి కొన్ని గంటల ముందే ఎక్కి ఇంజనుకీ మరుగుదొడ్లకీ దూరంగా చోటు చూసుకో. చోటు చూసుకున్నావు కదా అని మురిసిపోకు, సాయంత్రానికి నీ పైన ఒకటి, పక్కన రెండు కట్టేస్తారు, ఎవరు కదిలినా అందరూ ఊగుతారు. దుప్పటి మర్చిపోవద్దు. భూమధ్యరేఖ దగ్గర చలేమిటని నేనూ నవ్వాను. మొదటి రాత్రి నది గాలికి లుంగీ, తువ్వాలు, రెయిన్‌కోటు అన్నీ కప్పుకుని వణుకుతుంటే, పక్క ఉయ్యాల్లోని ముసలమ్మ ఏమీ మాట్లాడకుండా తన దుప్పటి సగం నా మీదికి లాగింది.