చిన్నీ, ఇసుక మూడంగుళాలు వద్దమ్మా

చిన్నీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి మాటల్లో మాటగా "మన చిన్ని ఉప్పునీళ్ళ చేపల ట్యాంక్ పెడుతోందిరా, రెండడుగులది, విజయవాడ పటమట ఫ్లాట్‌లో హాల్లోనే" అన్నాడు. ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. సంతోషమే అనుకో, మనింట్లో ఈ పిచ్చి నాతోనే ఆగిపోతుందనుకున్నా. కానీ గుంటూర్లో బాబాయ్ ఒకడున్నాడు, వాణ్ణి ఒక్క మాట అడుగుదాం అనిపించలేదా నీకు? సర్లే, ఆ గొడవ తర్వాత. ఇసుక మూడంగుళాలు పోస్తావట, అది విన్నాకే ఇంక ఆగలేక రాస్తున్నా.

చిన్నవి ముందు చెప్పేస్తా. సాల్ట్ మిక్స్ ఆర్వో నీళ్ళలోనే కలుపు, స్పెసిఫిక్ గ్రావిటీ, అంటే మంచినీళ్ళతో పోలిస్తే ఉప్పునీళ్ళ బరువు, 1.025 దగ్గర ఉంచు. నీళ్ళు ఆవిరైతే ఉత్త ఆర్వో నీళ్ళే పొయ్యి, ఉప్పు ఆవిరవ్వదు కదా. రాళ్ళు ముందు అద్దం మీద పెట్టి తర్వాత ఇసుక పొయ్యి, ఇసుక మీద రాళ్ళు పెడితే ఏ గోబీ చేపో కింద గుంత తవ్వి మీదేసుకుంటుంది. చేపల్ని వదిలేది నీళ్ళ పరీక్షలో అమ్మోనియా, నైట్రైట్ అనే విషాలు రెండూ సున్నా చూపించాకే, నెల పైనే పట్టొచ్చు, ఓపిక పట్టు. రాతి కోరల్, అదే పగడం, ఎవడైనా చవగ్గా ఇస్తానన్నా ముట్టుకోకు, అవి 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, అంటే పులి ఉన్న లిస్టు.

ఇసుక మీ నాన్న సూర్యలంక నుంచి బస్తా నింపుకొస్తానన్నాడట, వద్దని చెప్పు, నా పేరే చెప్పు. కొన్న ఆరగొనైట్, అంటే ట్యాంకులకి అమ్మే సున్నపు ఇసుక, పిడికెడు స్టీలు గిన్నెలో వేసి వెనిగర్ పొయ్యి, గోలీసోడా కొట్టినట్టు బుసబుసా పొంగుతుంది. అదే బీచ్ ఇసుక మీద పోస్తే గవ్వ ముక్కలున్న చోట నాలుగు బుడగలొస్తాయి, మిగతాదంతా కదలదు, మెదలదు. అందులో ఆ నల్ల రేణువులున్నాయి చూశావా, ఇనుము ఉన్న ఖనిజాలు, అవి మనకెందుకు.

ఇక మందం. నీకు అంగుళం, మహా అయితే అంగుళంన్నర, పది కేజీలు సరిపోతుంది. లోతుగా పోసే పద్ధతి వేరే ఉంది, నాలుగు నుంచి ఆరంగుళాలు పోసి అసలు కదపకుండా వదిలేస్తారు, అడుగున ఆక్సిజన్ అందని చోట బ్యాక్టీరియా నైట్రేట్‌ని నైట్రోజన్ గ్యాస్ చేసి పంపించేస్తుంది. మూడంగుళాలు రెంటికీ చెడ్డ రేవడి, అడుగున ఆ పని సరిగ్గా జరగదు, అలాగని పైపు పెట్టి శుభ్రం చేద్దామంటే లోపలిదాకా అందదు.

నేను లోతుదే పెట్టాను. అరండల్‌పేటలో ఉన్నప్పుడు, నువ్వు చూసే ఉంటావు, గుర్తుండదు, మూడడుగుల ట్యాంక్, అయిదంగుళాల ఇసుక, నాలుగేళ్ళు చెయ్యి పెట్టలేదు, పైన తెల్లగా పంచదారలా ఉండేది. అద్దం పక్కన కిందవైపు నల్ల చార ఒకటి కనపడేది, అది పాచిలే అనుకున్నా. తర్వాత బ్రాడీపేటకి ఇల్లు మారాం. సామాన్ల ఆటో సాయంత్రం నాలుక్కొస్తానన్నాడు, మధ్యాహ్నం ఒంటిగంటకే వచ్చి కూర్చున్నాడు, ఆ హడావిడిలో ఇసుకంతా పారతో తీసి రెండు బకెట్లలో కుక్కి, రాత్రి ఎనిమిదింటికి కొత్తింట్లో మళ్ళీ ట్యాంక్‌లో పోసేసి, నీళ్ళు పోసి, చేపల్ని వదిలేశా. నీళ్ళు బూడిద కలిపినట్టున్నాయి, తెల్లారేసరికి తేటపడతాయిలే అనుకున్నా. మీ పిన్ని వంటింట్లోంచి "గుడ్లేమన్నా కుళ్ళాయా, వాసనొస్తోంది" అంది. ఫ్రిజ్ అంతా వెతికింది పాపం, ఒక్కో గుడ్డూ తీసి నీళ్ళలో వేసి చూసింది. నేను డ్రైనేజీ అన్నాను. కిటికీ తెరిచి పడుకున్నాను చిన్నీ, నీ బాబాయ్ తెలివి అది.

ఆ వాసన ఇసుకది. అడుగున ఊపిరాడని చోట నాలుగేళ్ళుగా తయారైన హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు. కదపకుండా ఉంటే పైపొరలో ఆక్సిజన్ దాన్ని అక్కడికక్కడే విరగ్గొట్టేస్తుంది, నేను దాన్నంతా తిరగేసి నీళ్ళలో కలిపా, దానికి తోడు పేరుకున్న చెత్తలోంచి అమ్మోనియా, నీళ్ళలో ఆక్సిజన్ తక్కువ. పొద్దున ఆరింటికి మీ పిన్నే ముందు చూసింది. క్లౌన్ ఫిష్ జంటలో పెద్దది ఇసుక మీద పక్కకి పడి ఉంది, చిన్నది నీళ్ళ పైన నోరు తెరుచుకుని కొట్టుకుంటోంది. అవి నావి కాదు, ఆవిడవి. రోజూ మేత వేసేది తనే, చెయ్యి పెడితే పెద్దది వచ్చి గాజు మీద పొడిచేది. క్లౌన్‌లలో పెద్దదే ఆడది, అది పోతే మగది ఆడదిగా మారుతుంది, ఆ చిన్నది బతికి అలాగే పెరిగింది కూడా. ఆ సంగతి ఓదార్పుగా ఉంటుందని మీ పిన్నితో చెప్పాను. ఆవిడ కాఫీ గ్లాసు అక్కడ పెట్టేసి లోపలికెళ్ళిపోయింది.

కొత్త ఇసుక డబ్బులు ఆదా చేద్దామని పాత ఇసుక పారబొయ్యలేదు నేను. పైన పిడికెడు తీసుకుని మిగతాది పారేసి కొత్తది పోసుంటే, చేపల్ని ఆ రాత్రికి ఏ ప్లాస్టిక్ టబ్‌లోనో బుడగలొదిలే గాలిరాయి పెట్టి ఉంచుంటే సరిపోయేది. నువ్వు రేపు ఫ్లాట్ మారినా గుర్తుపెట్టుకో.

నీ పలచటి ఇసుకకి పనేం లేదు, వారంవారం నీళ్ళు పది శాతం మారుస్తావు కదా, అప్పుడే సైఫన్ పైపుతో మూడో వంతు ఇసుక మాత్రం, ఈ వారం ఎడమ, వచ్చే వారం మధ్య, తర్వాత కుడి. పైపు దించగానే ఇసుక గిర్రున తిరుగుతుంది, చెత్త పైకెళ్తుంది, ఇసుక కూడా ఎక్కబోతుంటే పైపుని వేళ్ళతో నొక్కు, కిందికి జారుతుంది. ఒకేసారి మొత్తం చెయ్యకు. నస్సారియస్ నత్తలు మూడో నాలుగో వెయ్యి, పగలంతా ఇసుకలో ఉండి మేత వాసన తగలగానే ముందు తొండం పైకి పెట్టి, తర్వాత ఒక్కొక్కటీ లేస్తాయి, సమాధిలోంచి లేచినట్టు, మీ పిన్ని మొదటిసారి చూసి కెవ్వుమంది. ఇసుక జల్లించే నక్షత్ర చేప మాత్రం వద్దు, నీ ట్యాంక్‌లో తిండి చాలక చచ్చిపోతుంది.

కరెంటు సంగతి. నవ్వకు. 2024 సెప్టెంబర్లో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి కరెంటు లేదు, మీ పటమట అంతలా మునగలేదు కానీ నాకు ఆ భయం పోలేదు. పంపు ఆగితే నీళ్ళలో ఆక్సిజన్ గంటల్లో పడిపోతుంది, ఇసుక కూడా అడుగున తాగేస్తుంది. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి కొనుక్కో, ఈ రోజే. ప్లగ్ వైరు బోర్డు కంటే కిందకి వేలాడి మళ్ళీ పైకెళ్ళాలి, నీళ్ళు జారినా బోర్డులోకి పోవు. తడిచేత్తో స్విచ్ వెయ్యకు. ఇది రెండుసార్లు రాయాలనిపిస్తోంది. తడిచేత్తో స్విచ్ వెయ్యకు.

మేలో 45 డిగ్రీలు కొడితే నీళ్ళ మీదుగా చిన్న ఫ్యాన్ పెట్టు, రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది.

ఆదివారం పొద్దున బస్సుకి వస్తా, పాత సైఫన్ పైపు నా దగ్గరుంది, కొనకు. ఇసుక పోసేటప్పుడు నేనుండాలి. క్లౌన్‌లు కొన్నరోజు ముందు నాకు కాదు, పిన్నికి ఫోన్ చెయ్యి. తను అడగదు, కానీ నేనిది రాస్తుంటే వంటింట్లోంచి రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళింది.

బాబాయ్