భక్తి గురించి మాట్లాడ్డానికి డిగ్రీ కావాలా? చిన్నాకి పెద్దమ్మ ఉత్తరం

చిన్నా,

నీ మెసేజ్ చదివాను. ఇది ఫోన్లో తేలే విషయం కాదు, అందుకే తీరిగ్గా కూర్చుని టైప్ చేస్తున్నా, కాస్త పెద్దదైతే ఏమనుకోకు. మీ మారతహళ్ళి అపార్ట్‌మెంట్లో ఆదివారం గీతా క్లాసులో ఆ రిటైర్డ్ సైంటిస్టు గారు అనంతపురం ఆవిడని "దీని మీద మీరేం చదివారమ్మా" అని అందరి ముందూ అడిగారు, ఆవిడ ఇంకో మాట మాట్లాడకుండా తలొంచుకుని కూర్చుంది, నీకు ఒళ్ళు మండింది, ఇప్పుడు ఇగ్నోలో ఎంఏ ఫిలాసఫీకి అప్లై చేసి ఆ డిగ్రీ తెచ్చి ఆయన నోరు మూయిస్తానంటున్నావు. ఎంఏ చెయ్యి, నాకు సంతోషమే. కానీ ఆయన నోరు మూయించడానికి మాత్రం చెయ్యకు నాన్నా. దానికోసం డిగ్రీ తెచ్చావంటే ఆయన అడిగిన ప్రశ్న సబబేనని నువ్వు ఒప్పేసుకున్నట్టే, రేపు ఆవిడ మళ్ళీ నోరు తెరిస్తే నీ డిగ్రీ ఆవిడకేం ఒరగబెడుతుంది చెప్పు?

నేనిక్కడ చెన్నైలో కాలేజీ పిల్లలకి ఫిలాసఫీ చెప్పి రిటైరైనదాన్ని, డిగ్రీలంటే నాకు చులకన లేదు, ఒక మంచి థీసిస్ వెనకాల ఎంత కష్టం ఉంటుందో దగ్గర్నుంచి చూశాను. అందుకే చెప్తున్నా, మతం గురించి మాటలు నడుస్తున్నప్పుడు ఎవరు మాట్లాడుతున్నారో చూసేముందు ఎలాంటి మాట మాట్లాడుతున్నారో చూడు.

ఆ రోజు ఆవిడ ఏమంది? ఇంటాయన పోయాక రామకోటి రాసుకుంటూ కూర్చుంటే మనసు కుదుటపడింది, రాముడే నన్ను నిలబెట్టాడు అంది. అది ఆవిడ బతుకు. దానికి మార్కులేసే పరీక్ష ఏ యూనివర్సిటీలోనూ లేదు, నువ్వు నమ్ముతావో నమ్మవో నీ ఇష్టం, కానీ మీ క్వాలిఫికేషన్ ఏంటి అనే ప్రశ్న అక్కడ అతకదు. మరి ఆయనేమన్నారు? రామసేతు 17.5 లక్షల ఏళ్ళ నాటిదని నాసా వాళ్ళు తేల్చేశారు అన్నారు. ఇది రాళ్ళ గురించి, సముద్రం గురించి, కాలం గురించి చెప్పిన మాట, ఎవరైనా చెక్ చెయ్యొచ్చు, చెయ్యాలి కూడా. 2002లో ఆ సేతువు శాటిలైట్ ఫోటోలు దేశమంతా తిరిగినప్పుడు నాసా వాళ్ళే చెప్పారు, పైనుంచి తీసిన ఫోటో చూసి అది ఎన్నేళ్ళదో, మనుషులు కట్టిందో కాదో చెప్పలేమని. అంటే ఆ రోజు క్లాసులో చదువు సంగతి అడగాల్సిన మాట ఒకటి ఉండనే ఉంది, అది మాత్రం ఆవిడ నోటినుంచి వచ్చింది కాదు. ఆయన పీహెచ్‌డీ ఎలక్ట్రానిక్స్‌లో అన్నావు. గుండె డాక్టరు ఎంత గొప్పవాడైనా పన్ను నొప్పికి ఆయన దగ్గరికి వెళ్ళం గదా, మరి ఎలక్ట్రానిక్స్ డాక్టరేట్ రామాయణ కాలానికి ఎట్లా పనికొస్తుంది? మీ బెంగుళూర్లో, మా చెన్నైలో కూడా, ఈ తికమక బాగా ఎక్కువ, ఇంజనీరింగ్‌లో పెద్ద చదువు చదివిన మనిషి ఏ పురాణం గురించి మాట్లాడినా సైన్సే మాట్లాడినట్టు జనం వింటారు.

ఇక్కడ నీకు మన వైష్ణవ ఆచార్యుడు రామానుజుల సంగతి చెప్పాలి. ఆయన పుట్టింది మాకు దగ్గర్లోని శ్రీపెరుంబుదూర్లో, 1017లో అంటారు. కుర్రతనంలోనే శాస్త్రాలు చదివిన మనిషి. కంచి వరదరాజస్వామికి వింజామర వీచే సేవ చేసుకునే తిరుక్కచ్చి నంబి అనే ఆయన ఉండేవాడు, మా ఊరి పక్కన పూనమల్లి ఆయన, బ్రాహ్మడు కాదు, పండితుడని పేరున్నవాడూ కాదు. రామానుజులు వెళ్ళి నన్ను శిష్యుడిగా తీసుకోమని అడిగారు, నంబి ఒప్పుకోలేదు, కులం అడ్డమొస్తుందని. అప్పుడు ఆయన్ని ఇంటికి భోజనానికి పిలిచి ఆయన తిన్న ఆకులో మిగిలింది ప్రసాదంగా తినాలని రామానుజులు ఆశపడ్డారు, ఇంట్లో భార్య నంబికి ముందే వడ్డించేసి పంపి చోటంతా కడిగేసింది, ఆ బాధ ఆయనకి చాలాకాలం పోలేదని గురుపరంపర కథల్లో, అంటే వైష్ణవ గురువుల జీవిత కథల్లో, చెప్తారు. తర్వాత తన మనసులోని సందేహాలకి వరదుడి జవాబులు తెప్పించుకుంది కూడా ఈ నంబి ద్వారానే, ఆరు మాటలు అంటారు వాటిని.

అదే రామానుజులు వేదాంతానికి మూలమైన బ్రహ్మసూత్రాలకి భాష్యం, అంటే వివరణ, రాయడానికి కూర్చున్నప్పుడు ఏం చేశారు? నంబినే అడిగితే సరిపోయేది గదా, స్వామితో మాట్లాడే మనిషి! అడగలేదు. బోధాయన వృత్తి అనే పాత వ్యాఖ్యానం కాశ్మీరంలో ఉందని తెలిసి శిష్యుడు కూరేశుణ్ణి వెంటబెట్టుకుని అక్కడిదాకా వెళ్ళారు, ఆ పుస్తకం చేతికి నిలవకపోతే కూరేశుడు చదివి గుర్తుపెట్టుకున్నదే ఆధారమైందని ఆ కథల్లోనే ఉంది. మనసుకి సంబంధించింది తేల్చుకోవాల్సొస్తే వింజామర వీచే మనిషి దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు, గ్రంథంలో ఏముందో తేల్చుకోవాల్సొస్తే దేశం ఆ చివరిదాకా నడిచాడు. రెండూ ఒకే మనిషి చేశాడు, ఒకదాని బదులు ఇంకోటి వాడలేదు, నాకు ఆయన మీద అంత గౌరవం అందుకే.

మన తెలుగాయన కావ్యకంఠ గణపతి ముని కూడా అంతే. 1900లో బెంగాల్లోని నవద్వీపంలో పండితుల సభలో ఆశుకవిత్వం చెప్పి కావ్యకంఠ బిరుదు తెచ్చుకున్న మనిషి. అలాంటాయన 1907లో తిరువణ్ణామలై కొండ ఎక్కి, తనకన్నా ఏడాది చిన్నవాడు, స్కూలు చదువు మధ్యలో వదిలేసి వచ్చిన కుర్రాడి కాళ్ళ మీద పడి, చదవాల్సిందంతా చదివాను, జపాలు చేశాను, తపస్సంటే ఏంటో ఇంకా తెలీలేదు, చెప్పమన్నాడు. ఆ కుర్రాడికి భగవాన్ రమణ మహర్షి అనే పేరు పెట్టింది ఆయనే. తర్వాత గణపతి ముని తన సంస్కృతాన్నేమీ గంగలో కలపలేదు, అమ్మవారి మీద ఉమాసహస్రం అనే స్తోత్రం రాశాడు, రమణుల మాటల్ని శ్లోకాలుగా కూర్చాడు. ఛాందోగ్య ఉపనిషత్తులో నారదుడు సనత్కుమారుడి దగ్గరికెళ్ళి నాలుగు వేదాలు, ఇతిహాస పురాణాలు, గణితం అని తన చదువుల లిస్టంతా చెప్పి, ఇన్ని తెలిసినా దుఃఖంలోనే ఉన్నాను దాటించండి అంటాడు చూడు, నాకు ఆ అనంతపురం ఆవిడ గుర్తొచ్చింది. ఆవిడ మాట్లాడింది దుఃఖం దాటడం గురించే గదా.

ఇది మనవాళ్ళకే పరిమితం కాదు. బైబిల్లో అపొస్తలుల కార్యాలు అనే ఒక్క పుస్తకంలోనే చదువులేని పామరులని జనం అనుకున్న పేతురు, యోహానులు ఉన్నారు, గమలీయేలు అనే యూదు గురువు దగ్గర ధర్మశాస్త్రం నేర్చుకున్నానని చెప్పుకున్న పౌలూ ఉన్నాడు.

ఇంకో సంగతి, ఇది నాకు మనసులో బాగా గుచ్చుకునేది. సంప్రదాయంలో కూడా డిగ్రీలున్నాయి, యూనివర్సిటీలకన్నా పాతవి. వేదం వల్లెవేసే పద్ధతుల్లో క్రమం, జట దాటి ఘన దాకా నేర్చినవాణ్ణి ఘనాపాఠి అంటాం, ముస్లింలలో బోధించడానికి గురువు నుంచి ఇజాజా అనే అనుమతి తీసుకోవాలి, చాలా చర్చిల్లో పాస్టర్ కావాలంటే బీడీ, అంటే బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ, చదవాలి. వాటి విలువ వాటికుంది, వేదం స్వరం తప్పిందో లేదో ఘనాపాఠినే అడగాలి. కానీ చిన్నా, ఆడవాళ్ళని, తక్కువ కులం అన్నవాళ్ళని ఆ చదువు గుమ్మం తొక్కనివ్వకుండా తరాల తరబడి ఆపి, ఇప్పుడు వాళ్ళల్లో ఒకావిడ నోరు తెరిస్తే మీరేం చదివారని అడగడం అన్యాయం. ఆయనకి ఆ ఉద్దేశం ఉండకపోవచ్చు. ఆ ప్రశ్న మాత్రం ఆ బరువు మోసుకునే వస్తుంది.

అలాగని నువ్వు రెండో వైపుకి జారిపోకు. కొంతమంది డిగ్రీ అడగరు, నమ్మకం అడుగుతారు, నువ్వు మా మతమేనా, నీకు భక్తి ఉందా, లేకపోతే మాట్లాడకు అని. 2013లో అమెరికాలో రెజా అస్లాన్ అనే ముస్లిం రచయిత ఏసు గురించి పుస్తకం రాస్తే టీవీ యాంకర్ ముస్లిమయ్యుండి ఏసు మీద ఎందుకు రాశావని మళ్ళీ మళ్ళీ అడిగింది, ఆయన జవాబుగా తన డిగ్రీలు ఏకరువు పెట్టాడు, వెంటనే ఆయన పీహెచ్‌డీ సోషియాలజీలో గదా అని వేరేవాళ్ళు పట్టుకున్నారు, ఆ గొడవలో పుస్తకంలో రాసింది ఎంతవరకు నిజం అనేది వెనక్కెళ్ళిపోయింది. నమ్మనివాడు కూడా ఒక శాసనం చదివి తేదీ సరిగ్గా చెప్పగలడు, చేపాక్‌లో మద్రాస్ యూనివర్సిటీకి వెళ్తే వైష్ణవానికి, శైవ సిద్ధాంతానికి, జైనానికి, క్రైస్తవానికి వేర్వేరు డిపార్ట్‌మెంట్లు ఉంటాయి, అక్కడ రీసెర్చ్‌కి చేరేముందు నీ ఇష్టదైవం ఎవరని అడగరు.

కాబట్టి వచ్చే ఆదివారం నువ్వు చెయ్యాల్సింది, మీరేం చదివారు అనే ప్రశ్న నీ నోటినుంచి ఎవరికీ రానివ్వకు, దాని బదులు మీకెలా తెలిసింది అని అడుగు. మర్యాదగా, నిజంగా తెలుసుకోవాలని అడుగు. ఇది అందరినీ అడగొచ్చు, ఎవరూ చిన్నబోరు. ఆవిడ నాకు జరిగింది నాయనా అంటుంది, అక్కడితో అది పూర్తయింది. ఆయన ఫార్వర్డ్ చూపిస్తాడో పేపర్ చూపిస్తాడో చూపించనీ, అందరూ చదువుతారు. నీకు తెలీనిది ఎవరైనా అడిగితే ఈ శ్లోకం సంస్కృతంలో నేను చదవలేదు, తెలుగు తాత్పర్యమే చదివాను అని అందరి ముందూ చెప్పు, నీ మాట ఎంతవరకు నమ్మాలో వినేవాళ్ళకి తెలుస్తుంది. ఆవిడే రేపు రాముడు కలలో కనపడి సేతువు వయసు చెప్పాడు అంటే, దాన్నీ ఇదే ప్రశ్నతో పట్టుకోవాలి, భక్తి ఉంది కాబట్టి తేదీలు కూడా కరెక్ట్ అనుకోవద్దు. ఇక ఆయన్ని అందరి ముందూ నిలదియ్యకు, పెద్దాయన, క్లాసయ్యాక పక్కకి పిలిచి ఆవిడ బాధపడింది సార్ అని చెప్పు, చాలామందికి అంత చెప్తే చాలు.

పేరు ముందు డాక్టర్ అని పెట్టుకుని వచ్చే స్వాములు, పాస్టర్లు, జ్యోతిష్యులు మీ ఏరియాలో కూడా తగులుతారు. డిగ్రీ ఇచ్చే హక్కు ఎవరికుందో 1956 యూజీసీ చట్టంలోనే రాసుంది, యూజీసీ వాళ్ళు ఫేక్ యూనివర్సిటీల లిస్టు కూడా పెడతారు, అనుమానమొస్తే చూసుకో. డబ్బులు కట్టి తెచ్చుకున్న డాక్టరేట్ చూపించి జనం భయాన్ని వాడుకునేవాళ్ళ దగ్గర మాత్రం మొహమాటపడకు.

ఇక నీ ఎంఏ. రాధాకృష్ణన్ గారు మా వైపు తిరుత్తణిలో తెలుగు ఇంట్లో పుట్టినవాడే, మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో చదివేటప్పుడు మిషనరీ లెక్చరర్లు హిందూ మతం మీద చేసిన విమర్శలు ఆయన్ని కలవరపెట్టాయి, అప్పుడు మనదాంట్లో బతికున్నదేది, చచ్చిపోయిందేది అని వెతుక్కుంటూ 1908లో ఇరవై ఏళ్ళప్పుడు వేదాంతంలో నీతి గురించి థీసిస్ రాశారు, దాన్ని మెచ్చుకున్నది హాగ్ అనే క్రైస్తవ ప్రొఫెసరే. ఆయన్ని కదిలించింది విమర్శే, కానీ చదవడం మొదలెట్టాక ఆ విమర్శలో నిజమెంతో కూడా వెతికారు. నువ్వు కూడా అట్లా చదివితే ఆ సైంటిస్టు గారు చెప్పినవాటిల్లో కరెక్టయినవి కూడా నీకు కనపడతాయి.

నా దగ్గర శ్రీభాష్యం, రామానుజులు రాసిన ఆ భాష్యమే, తెలుగు తాత్పర్యంతో ఉంది, ఉపనిషత్తులు కూడా ఉన్నాయి, మీ అమ్మ వచ్చే నెల శతాబ్దిలో బెంగుళూరు వస్తానంది, ఆమెతో పంపిస్తా. ఫీజు కట్టేముందు సిలబస్ ఒకసారి నాకు పంపు, ఏ పేపర్లు తీసుకోవాలో కూర్చుని చూద్దాం. ఆ ఆవిణ్ణి కూడా ఓసారి వాళ్ళింటికెళ్ళి పలకరించు, క్లాసుకి మానేస్తుందేమోనని నాకు బెంగగా ఉంది.

పెద్దమ్మ