పసుపు మాత్రలు మొదలుపెట్టి పెద్దపేగు మందు మానేయవచ్చునా?

ప్రశ్న: డాక్టరు గారూ, నా వయసు 34 సంవత్సరాలు. నాలుగేళ్ళ క్రితం రక్తంతో కూడిన విరేచనాలు పట్టుకుంటే కొలనోస్కోపీ చేసి అల్సరేటివ్ కొలైటిస్ అని తేల్చారు. అప్పటి నుంచి మెసలమైన్ మాత్రలు వాడుతున్నాను. ఎనిమిది నెలలుగా ఏ ఇబ్బందీ లేదు. ఈ మాత్రలను జీవితాంతం మింగనక్కర్లేదని, పసుపు, కలబంద వాడితే చాలని మా పెద్దమ్మ గట్టిగా చెబుతున్నారు. నేను మాత్రలు మానేసి వాటికి మారవచ్చునా?

జవాబు: మాత్రలు మానవద్దమ్మా. అయితే పసుపు విషయంలో మీ పెద్దమ్మగారి మాటను నేను పూర్తిగా తోసిపుచ్చలేను.

అల్సరేటివ్ కొలైటిస్‌లో పెద్దపేగు, మలాశయాల లోపలి పొర వాచి పుండ్లు పడుతుంది. ఈ ఎనిమిది నెలల నెమ్మది చాలావరకు మీరు రోజూ వేసుకుంటున్న మాత్రల వల్ల వచ్చినదే. రక్తం కనబడకపోయినా, కడుపునొప్పి లేకపోయినా ఆ పొరలో వాపు సన్నగా కొనసాగుతూ ఉండవచ్చు. మలపరీక్షలో కాల్‌ప్రొటెక్టిన్ (పేగు వాచినప్పుడు మలంలో పెరిగే ప్రొటీన్) ఎంత ఉన్నదో చూస్తే ఆ సంగతి కొంతవరకు తెలుస్తుంది. బాగున్నాం కదా అని మందు ఆపేసి, కొన్ని నెలలకు జబ్బు తిరగబెట్టాక, మొదటిసారి కంటే తీవ్రమైన స్థితిలో వచ్చిన వారిని చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

ఇక పసుపు సంగతి. పసుపులోని కర్క్యుమిన్ మీద జపాన్‌లో జరిగిన ఒక అధ్యయనం 2006లో వెలువడింది. మీలాగే జబ్బు అదుపులో ఉన్న 89 మందిని తీసుకుని, కొందరికి ఉదయం ఒక గ్రాము, సాయంత్రం ఒక గ్రాము చొప్పున కర్క్యుమిన్‌ను, మిగిలిన వారికి మందు లేని ఉత్తుత్తి మాత్రలను ఆరు నెలల పాటు ఇచ్చారు. చివరికి ఫలితాల లెక్కలోకి వచ్చిన 82 మందిలో చూస్తే, కర్క్యుమిన్ వాడిన 43 మందిలో ఇద్దరికి, ఉత్తుత్తి మాత్రలు వాడిన 39 మందిలో 8 మందికి జబ్బు తిరగబెట్టింది. ఇది మంచి ఫలితమే. అయితే వారందరూ ఆ ఆరు నెలలూ మెసలమైన్ గానీ, అదే కోవకు చెందిన సల్ఫసలజైన్ గానీ వేసుకుంటూనే ఉన్నారు. మెసలమైన్ వాడుతున్నా జబ్బు లొంగని 50 మందితో జరిగి 2015లో ప్రచురితమైన మరో అధ్యయనంలో, రోజుకు మూడు గ్రాముల కర్క్యుమిన్ తీసుకున్న వారిలో సగానికి పైగా నెలలో కుదుటపడ్డారు. అక్కడా దానిని మందుకు తోడుగానే ఇచ్చారు. మీ పెద్దమ్మగారికి ఈ ఒక్క సంగతి వివరంగా చెప్పండి.

వంటలో వాడే పసుపులో కర్క్యుమిన్ నూటికి మూడు పాళ్ళకు అటూ ఇటూగా ఉంటుంది. ఆ లెక్కన రెండు గ్రాముల కర్క్యుమిన్ కావాలంటే రోజుకు అరవై గ్రాములకు పైగా పసుపు తినవలసి వస్తుంది కాబట్టి, చెంచాలకొద్దీ పసుపు మింగే ప్రయత్నం చేయకండి. కర్క్యుమిన్ రక్తంలోకి బాగా ఇంకాలని కొన్ని మాత్రలలో మిరియాల సారం కలుపుతారు. అటువంటివి వాడిన కొందరిలో కాలేయం దెబ్బతిని కామెర్లు వచ్చిన సందర్భాలు ఉన్నాయి. మీ జబ్బు పేగు లోపలి పొరలోనే ఉన్నది కనుక, రక్తంలోకి ఇంకకుండా పేగులోనే మిగిలే మామూలు కర్క్యుమినే మీకు మేలని నా అభిప్రాయం. పిత్తాశయంలో రాళ్ళున్నవారు, రక్తం పలుచబడే మందులు వాడుతున్నవారు దీని జోలికి పోకూడదు. మీరు మొదలుపెట్టదలిస్తే మీకు చికిత్స చేస్తున్న డాక్టరుకు ముందే చెప్పి, కాలేయ పరీక్ష ఒకసారి ఇప్పుడు, మరొకసారి రెండు మూడు నెలల తర్వాత చేయించుకోండి.

కలబంద విషయంలో మరింత జాగ్రత్త కావాలి. మట్టను కోసి చూడండి: తొక్క కిందనే పసుపుపచ్చటి చేదు పాలు కారుతాయి, వాటికి లోపల తెల్లటి గుజ్జు ఉంటుంది. ఆ పాలు తీవ్రంగా విరేచనాలు చేయిస్తాయి. వాచిన పేగుకు అవి చెరుపే. గుజ్జు మీద 44 మందితో నాలుగు వారాలు సాగిన చిన్న అధ్యయనం ఒకటి 2004లో కొంత ఆశాజనకంగా వచ్చింది కానీ, మందు మానడానికి అది ఆధారం కాదు.

ప్రశ్న: మా తమ్ముడికి క్రోన్స్ వ్యాధి. చిన్నపేగు ఒకచోట సన్నబడిందని స్కానింగులో తేలింది. ఇసబ్‌గోల్ పొట్టు, శల్లకి (ఒక చెట్టు బంక) మాత్రలు ఇవ్వవచ్చునా?

జవాబు: ఇసబ్‌గోల్ ఇవ్వవద్దు. ఒక చెంచా పొట్టును గ్లాసు నీళ్ళలో వేసి పది నిమిషాలు ఆగి చూడండి, చెంచాకు అంటుకునే చిక్కటి జిగురు ముద్దగా ఉబ్బుతుంది. సన్నబడిన పేగులో అదే ముద్ద అడ్డుపడితే పేగు పూర్తిగా మూసుకుపోయే ప్రమాదం ఉంది. అల్సరేటివ్ కొలైటిస్ అదుపులో ఉన్న 105 మందిపై స్పెయిన్‌లో జరిగి 1999లో వెలువడిన అధ్యయనంలో ఇసబ్‌గోల్ గింజలు ఏడాది పాటు మెసలమైన్‌కు దాదాపు దీటుగా నిలిచాయన్న మాట నిజమే. కానీ అది వేరే జబ్బు. మీ తమ్ముడి జబ్బు పేగు గోడ మందమంతటికీ పాకేది. శల్లకి విషయానికి వస్తే, క్రోన్స్ తిరగబెట్టకుండా ఆపడంలో అది ఉత్తుత్తి మాత్రల కంటే మెరుగేమీ కాదని 2011లో వచ్చిన జర్మనీ అధ్యయనం చూపింది.

ఆయన కడుపు ఉబ్బి, వాంతులవుతూ, గాలి కూడా కిందికి పోకుండా ఉంటే ఏ మూలికా ఇవ్వకుండా, తెల్లవారేదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.