ఏఐ కోర్సు వద్దంటోంది, పాత ఆట పట్టుకుని కూర్చుంది

ప్రశ్న: మాది గాజువాక. ఆటోనగర్‌లో లేత్ షెడ్ ఉంది. పాపకు ఈఏపీసెట్‌లో ఫర్వాలేదనిపించే ర్యాంకు వచ్చింది. చుట్టాలందరూ ఏఐఎంఎల్ (ఏఐ, మెషిన్ లెర్నింగ్) సీటే తీసుకోమంటున్నారు. తనేమో మామూలు సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) చాలంటోంది. పోనీ ఈ సెలవుల్లో ద్వారకానగర్‌లో ఏఐ కోర్సుకైనా వెళ్లమంటే వినడం లేదు. 60 వేలు కట్టడానికి నేను రెడీ. నెల రోజులుగా నంబర్ కనిపెట్టే పాత కంప్యూటర్ ఆట ఒకటి పట్టుకుని, బేసిక్ అనే పాత ప్రోగ్రామింగ్ భాష నుంచి పైథాన్ అనే భాషలోకి మారుస్తున్నానంటుంది. ఏఐని అడిగితే నిమిషంలో మార్చేస్తుందట కదా! కోపం ఆపుకోలేక లాప్‌టాప్ బీరువాలో పెట్టి తాళం వేశాను. తన నోట్‌బుక్ పేజీ ఫోటో పంపుతున్నాను. ఏ బ్రాంచ్ మంచిది? పాపను దారిలో పెట్టడం ఎలా?
– ఒక తండ్రి

జవాబు: ముందు ఆ బీరువా తాళం తీయండి. బ్రాంచ్ సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

పాప టైం ఎలా వృథా చేస్తోందో చూపించడానికి మీరా ఫోటో పంపారు. నేను దాన్ని పెద్దది చేసి రెండుసార్లు చదివాను. ఆ ఆట పేరు బేగెల్స్. డేవిడ్ ఆల్ అనే ఆయన బేసిక్ ఆటలన్నీ పోగేసి 1973లో వేసిన పుస్తకంలో ఉంది. కంప్యూటర్ మూడంకెల సంఖ్య ఒకటి తలచుకుంటుంది, ఏ అంకే రెండుసార్లు రాదు. మనం 20 ప్రయత్నాల్లో కనిపెట్టాలి. అంకె సరైనదే కానీ స్థానం తప్పైతే ‘పికో’, రెండూ సరిపోతే ‘ఫెర్మీ’, ఒక్క అంకె కూడా కలవకపోతే ‘బేగెల్స్’ అని చెబుతుంది. తలచుకున్నది 482 అనుకోండి, మనం 428 అన్నామంటే ‘పికో పికో ఫెర్మీ’ అని వస్తుంది.

మీ పాప పేజీలో ఎడమ పక్కన పాత ప్రోగ్రామ్ లైన్ నంబర్లు, వాటి మధ్య బాణాలు ఉన్నాయి. బేసిక్‌లో ‘గోటూ’ అని రాస్తే ప్రోగ్రామ్ ఆ నంబరున్న లైన్‌కి దూకుతుంది. పైథాన్‌లో ఆ గోటూ లేదు. అందుకని ప్రతి దూకుడూ ఎందుకుందో తెలుసుకుని, దాన్ని లూప్‌గానో (మళ్లీ మళ్లీ నడిచే భాగం) ఫంక్షన్‌గానో (పేరు పెట్టి పిలుచుకునే భాగం) మళ్లీ కట్టుకోవాలి. ఆ బాణాలు అందుకే. వాటి కింద ఎర్ర పెన్నుతో ఒక ప్రశ్న ఉంది, మీరు గమనించారా? ‘ముందు పికోలన్నీ, తర్వాత ఫెర్మీలన్నీ ఎందుకు ప్రింట్ చేస్తోంది?’ దాని కిందే, వేరే రోజు రాసినట్టుంది, జవాబు: ‘ఒక్కో అంకె చూస్తూ అప్పటికప్పుడే ప్రింట్ చేస్తే ఏ అంకెకి ఏ జవాబో తెలిసిపోతుంది! ఆట పాడైపోతుంది!’

అది చదివి నాకు చాలా సంతోషం వేసింది. పైన చెప్పిన 428నే తీసుకోండి. కంప్యూటర్ వరసగా చెప్పుకుంటూ పోతే ‘ఫెర్మీ పికో పికో’ అంటుంది, మొదటి అంకె 4 అని ఆడేవాడికి దొరికిపోతుంది. ప్రోగ్రామ్ ఎక్కడా ఆగదు, ఎర్రర్ కూడా రాదు. కానీ తప్పు. ఎర్రర్ రాని తప్పును పట్టుకోవడం ఉద్యోగంలో చేరి నాలుగేళ్లయిన వాళ్లకు కూడా కష్టం. పేజీ చివర ఇంకోటి రాసుకుంది: టైప్ చేసిన అంకెలను సంఖ్యగా మారిస్తే 012 కాస్తా 12 అయిపోతుంది, కాబట్టి అక్షరాలుగానే ఉంచాలి అని. ఏఐ నిమిషంలో రాసిస్తుందన్నారు. నిజమే, రాసిస్తుంది. రాసిచ్చింది సరిగ్గా ఉందో లేదో చూసి చెప్పేది ఎవరండీ? మీ పాప చెప్పగలదు.

మీకు అర్థమయ్యే మాటే అడుగుతాను. షెడ్‌లో కొత్త కుర్రాడు చేరితే మొదటి రోజే కంప్యూటర్‌తో నడిచే ఖరీదైన సీఎన్‌సీ మెషిన్ మీద నిలబెడతారా? ముందు పాత లేత్ దగ్గర పెడతారు. గేర్ ఎక్కడుంది, దెబ్బ ఎక్కడ తగులుతుంది అన్నీ తెలియనిస్తారు. పాప ఆ పనే చేస్తోంది. ఆ కుర్రాడికి మీరిచ్చే ఓపిక కన్నకూతురికి ఇవ్వలేకపోయారు. ఈ మాట మీకు నచ్చకపోవచ్చు, అయినా అనాల్సి వస్తోంది.

ఇక ఏఐ కోర్సుల సంగతి. ఏఐ చదువు మీద నాకు చిన్నచూపు లేదు, అది గట్టి చదువు. ప్రాబబిలిటీ, లీనియర్ ఆల్జీబ్రా అనే లెక్కల మీద నిలబడే చదువు. నా అనుమానమంతా మూడు నెలల్లో అది నేర్పేస్తామనే ఫ్లెక్సీల మీద. పోయినేడాది ఒకబ్బాయి సర్టిఫికెట్లు ఫైల్లో పెట్టుకుని నా దగ్గరికొచ్చాడు, తండ్రి కూడా వచ్చారు. ప్రాజెక్టు పేరు చాలా పెద్దది. ‘ఇది తప్పు జవాబు చెబితే నీకెలా తెలుస్తుంది నాన్నా?’ అని అడిగాను. కాసేపు ఆలోచించి, ‘అది కోర్సులో చెప్పలేదు మేడం’ అన్నాడు. తెలివైన పిల్లాడే. వాడి తప్పు ఏమీ లేదు. తండ్రి అప్పు చేసి ఫీజు కట్టారు. అలాంటి పిల్లలు ఏటా వస్తూనే ఉన్నారు, అందుకే మీ 60 వేలు మీ దగ్గరే ఉంచుకోమంటున్నాను. విశాఖకు పెద్ద డేటా సెంటర్లు వస్తున్నాయన్న వార్తలు చూసి ఈ మధ్య తల్లిదండ్రుల తొందర ఇంకా పెరిగింది. పాప చదువు పూర్తవడానికి నాలుగేళ్లుంది. అప్పటికి ఏ కోర్సు పేరు ఫ్లెక్సీ మీద ఉంటుందో నేను చెప్పలేను, ఆ ఫ్లెక్సీ కట్టినవాళ్లూ చెప్పలేరు.

బ్రాంచ్ గురించి అడిగారు. మీరు అనుకుంటున్న కాలేజీల్లో రెండు బ్రాంచ్‌ల సిలబస్ తీసుకుని పక్కపక్కన పెట్టి చూడండి. మొదటి రెండేళ్లు చాలావరకు ఒకటే: లెక్కలు, ప్రోగ్రామింగ్, డేటా స్ట్రక్చర్స్. తేడా ఎక్కువగా మూడో ఏడాది నుంచి కనిపిస్తుంది. సీఎస్‌ఈ తీసుకున్నా ఏఐ సబ్జెక్టులు ఎలక్టివ్‌గా, అంటే మనం ఎంచుకునే సబ్జెక్టుగా, చదువుకోవచ్చు. నేనైతే బ్రాంచ్ పేరు కంటే కాలేజీ, చెప్పేవాళ్లు, ల్యాబ్ చూస్తాను. మంచి కాలేజీలో సీఎస్‌ఈ వస్తుంటే ఏఐ పేరు కోసం దాన్ని వదులుకోవద్దు.

ఈ ఒక్క ఆట వల్ల ఉద్యోగం వచ్చేస్తుందని మాత్రం అనుకోకండి. అయితే కోబాల్ అనే పాత భాషలో రాసిన ప్రోగ్రాములను జావా భాషలోకి మార్చే పనులు పెద్ద పెద్ద కంపెనీల్లో ఈ రోజుకీ నడుస్తున్నాయి. వాటికి కావలసింది వేరేవాళ్లు ఎప్పుడో రాసింది ఓపికగా చదివే అలవాటు. అది పాపకు పద్దెనిమిదేళ్లకే వచ్చింది.

మీ టెన్షన్ బ్రాంచ్ గురించి కాదని ఉత్తరం చదువుతుంటేనే అర్థమైంది. పాప చేస్తున్నది మీకు అర్థం కావడం లేదు, చెడిపోతోందేమోనని భయం. ఇంజనీరింగ్ గుమ్మం ఎక్కని తల్లిదండ్రుల్లో ఈ భయం చాలామందికి ఉంటుంది, దానికి సిగ్గుపడక్కర్లేదు. పాప చెడిపోవడం లేదండీ. ఆ మాట గట్టిగా చెబుతున్నాను. ఈ ఆదివారం షెడ్ మూసేశాక పక్కన కూర్చుని ఒక ఆట ఆడండి. మొదటిసారే ‘బేగెల్స్’ అని వస్తే ఓడిపోయాననుకోకండి, మూడంకెలు ఒకేసారి పక్కకు పోయినట్టు. ఎలాగో పాపనే అడగండి, చెబుతుంది.

కౌన్సెలింగ్‌లో ఏ కాలేజీ, ఏ బ్రాంచ్ కావాలో వెబ్ ఆప్షన్లు పెట్టే రోజు కూడా ఇద్దరూ కలిసే కూర్చోండి. లిస్టు ముందు కాగితం మీద రాసుకుని, తన చేత్తోనే పెట్టించండి. నెట్ సెంటర్‌కి వెళ్లినా పాస్‌వర్డ్ వాళ్ల చేతికి ఇవ్వకండి.